విని నేర్చిన లెక్క

గణితమనగానే మనకు నల్లబల్ల, సుద్దముక్క, పుస్తకం నిండా అంకెలు గుర్తుకొస్తాయి. వీటిలో దేన్నీ ఒక్కనాడూ చూడకుండానే గణిత ప్రపంచాన్ని ఏలిన మహానుభావుడు మన రాయలసీమలోనే పుట్టారు. ఆయనే లక్కోజు సంజీవరాయశర్మ గారు.

కడప జిల్లా ప్రొద్దుటూరు దగ్గర కల్లూరులో 1907 నవంబరు 22న ఆయన జన్మించారు. పుట్టుకతోనే చూపు లేదు. అలాంటి పిల్లలకు చదువు చెప్పే ఏర్పాటు పల్లెల్లో లేని రోజులవి. అయితే తోబుట్టువు బడి నుంచి వచ్చి పాఠాలు పైకి చదువుతుంటే ఈ పిల్లవాడు పక్కన కూర్చుని వినేవాడు. మనం కాగితం మీద పెట్టి మరచిపోయేదాన్ని ఆయన మనసులోనే పెట్టుకోవాల్సి వచ్చింది. ఎక్కాలూ లెక్కలూ ఆ విధంగానే వంటబట్టాయి.

1928లో నంద్యాలలో తొలి గణితావధానం చేశారు. తరువాత వేల సభల్లో పండితులను ఆశ్చర్యపరిచారు. వయొలిన్ కూడా చక్కగా వాయించేవారు. పుట్టిన తేదీ చెబితే చాలు, అది ఏ వారమో చెప్పేసేవారు. ఒక సభలో 103 రెళ్లను వరసగా హెచ్చవేస్తే ఎంతని అడిగితే 32 అంకెల జవాబు అప్పజెప్పారు.

ఇదంతా దైవదత్తమని దండం పెట్టి ఊరుకుంటే మనకు మిగిలేదేమీ లేదు. పది రెళ్లను హెచ్చిస్తే 1024. పది 1024లను హెచ్చిస్తే నూరు రెళ్లయ్యాయి. మిగిలిన మూడు రెళ్లకు 8. దారి మనకూ తెలుస్తుంది, నడవడమే కష్టం! అలాగే 365ను 7తో భాగిస్తే శేషం 1. అందుకే ఈ ఏడు సోమవారం వచ్చిన పుట్టినరోజు వచ్చే ఏడు మంగళవారం వస్తుంది. మధ్యలో ఫిబ్రవరి 29 ఉంటే బుధవారం.

మాది మడకశిర. ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు. వెనక వరసలో నాకు బోర్డు మసగ్గా కనిపించేది. చెప్పుకోవడానికి భయం. పక్కవాడి నోట్సు చూసి ఎత్తి రాసుకున్నానే గాని లెక్క ఏమడుగుతోందో తెలిసేది కాదు. మా అవ్వ మాత్రం చెనిక్కాయల మూటల లెక్క నోటితోనే తేల్చేది. ఆమె పక్కన కూర్చున్నాకే నా భయం పోయింది.

ఇప్పుడు సెలవుల్లో మా వీధి పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. ముందు పలకలు పక్కన పెట్టిస్తాను. లెక్క చదివి వినిపించి, అందులో ఏమడిగారో వాళ్ల మాటల్లో, కన్నడంలోనైనా సరే, చెప్పమంటాను. బలపం పట్టేది ఆ తరువాతే. నోటుబుక్కులో ఏమీ లేదేమని తల్లిదండ్రులు అడుగుతున్నారు. ఆలస్యమవుతుందన్నదీ నిజమే. కాని పక్కవాడి పలక వైపు చూసేవాళ్లు తగ్గారు.

శర్మగారు 1997 డిసెంబరు 2న కన్నుమూశారు. మనలో చాలామంది రేపు ఉపాధ్యాయులమయ్యేవాళ్లం. చూపులేని పిల్లవాడొకడు మన తరగతికి వస్తే, లెక్కలు నీకెందుకులే అని పంపేస్తామా? బోర్డు మీద రాసే ప్రతి అంకెనూ పైకి చదువుతూ రాస్తే చాలు, వాడికీ దారి దొరుకుతుంది. వెనక వరసలో నాలా నోరు మూసుకు కూర్చున్నవాడికీ దొరుకుతుంది.