వాంట్ హాఫ్ పండితుని జీవితము

ఎండుద్రాక్షలను రాత్రి నీటిలో వైచినచో ఉదయమునకు ఉబ్బి యుండును. ఉప్పు చల్లిన మామిడికాయ ముక్కలనుండి నీరూరి అవి ముడుతలు పడును. తూచి చూచినచో మొదటివాని బరువు పెరిగియు, రెండవవాని బరువు తగ్గియు నుండును. పలుచని పొరగుండ నీరు ఇట్లు పోవుటకు ద్రవాభిసరణమని పేరు. నీరు ఏ వైపునకు, ఎంత బలముతో పోవునో లెక్కకట్టి ముందుగనే చెప్పుటకు దారి చూపిన మహనీయుని చరిత్రమును మా చదువరులకు సంగ్రహముగా నివేదించుచున్నాము.

యాకోబస్ హెన్రికస్ వాంట్ హాఫ్ 1852 ఆగష్టు 30వ తేదీన హాలండు దేశములోని రాటర్‌డాం నగరమున జన్మించెను. తండ్రి వైద్యుడు. బాలుడై యున్నపుడు ఆదివారములందు పాఠశాల కిటికీగుండ ప్రయోగశాలలో దూరి రహస్యముగా ప్రయోగములు చేసి పట్టుబడెనని చెప్పుదురు. ఈ గుణమును మన విద్యార్థులు అనుసరింపవలదు గాని, ఆ జిజ్ఞాస మాత్రము అనుసరింపదగినదే. తరువాత డెల్ఫ్‌టు, లైడెను, బాను, పారిసు నగరములలో విద్య నభ్యసించి, 1874లో యూట్రెక్టు విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము నందెను.

ఆ సంవత్సరమే కర్బన పరమాణువుయొక్క నాలుగు బంధములు ఒక చతుర్ముఖియొక్క నాలుగు మూలలవైపు చాచి యుండునని చిన్న పుస్తకమున ప్రకటించెను. కంటికి కనబడని అణువునకు రూపము కల్పించుట పలువురకు వింతగా తోచెను. తరువాత ఆయన పశువైద్య పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యెను. 1877లో లైప్సిగు నగరపు ప్రసిద్ధ రసాయనాచార్యుడు కోల్బె, ఆ ఉద్యోగమునే ఎత్తిచూపి ఆయనను పరిహసించెను. పరిహాసము నిలువలేదు; సిద్ధాంతము నిలిచినది. 1878లో ఆమ్‌స్టర్‌డాం విశ్వవిద్యాలయమున ఆచార్య పదవి లభించగా, శాస్త్రమునకు ఊహాశక్తి ఎంత అవసరమో తన ప్రారంభోపన్యాసమున వివరించెను.

అచ్చటనే ద్రవాభిసరణము ఆయన దృష్టి నాకర్షించెను. సహోద్యోగియగు వృక్షశాస్త్రజ్ఞుడు డి వ్రీసు మాటల సందర్భమున ఫెఫరు చేసిన ప్రయోగములను తెలిపెను. ఫెఫరు మట్టిపాత్ర గోడలోని సన్నని రంధ్రములయందు తామ్ర ఫెర్రోసయనైడు పొరను ఏర్పరచి, లోపల పంచదార నీటిని నింపి, పాత్రను మంచినీటిలో నుంచెను. ఆ పొర నీటిని పోనిచ్చును, పంచదారను పోనీయదు. బయటి నీరు లోనికి చొచ్చి, లోపలి పీడనము పెరుగును. కొంత పీడనము చేరగనే ప్రవాహము నిలిచిపోవును. నూటికి ఒక పాలు పంచదారకు, 6.8 సెంటిగ్రేడు డిగ్రీల వేడిమియందు, ఆ పీడనము వాతావరణ పీడనములో 0.664 వంతు. పంచదార రెట్టింపైనచో పీడనమును ఇంచుమించు రెట్టింపగును.

ఈ అంకెలను చూచి వాంట్ హాఫు ఆశ్చర్యపడెను. అంతే సంఖ్యగల అణువులు, అంతే స్థలమున, అంతే వేడిమియందు వాయురూపమున నుండినచో ఎంత పీడనము కలిగించునో, పలుచని ద్రావణమును అంతే కలిగించుచున్నది! పంచదార అణుభారము 342. లీటరు నీటికి 10 గ్రాముల చొప్పున వాయువుల నియమముచే గుణించినచో 0.67 వచ్చును. ఫెఫరు కొలిచిన అంకెయు దాదాపు అదియే. 1887లో ఆస్ట్వాల్డుతో కలిసి స్థాపించిన పత్రికయొక్క మొదటి సంపుటమున ఈ నియమమును ప్రకటించెను.

అయితే ఉప్పు ఈ లెక్కకు లొంగలేదు. పీడనము దాదాపు రెండింతలు వచ్చెను. ఆ లోపమును వాంట్ హాఫు దాచక, ఒక గుణకమును చేర్చి చూపెను. నీటిలో ఉప్పు రెండు అయానులుగా విడిపోవుటయే కారణమని స్వీడను యువకుడు అర్హీనియసు అదే సంవత్సరమున వివరించెను. కావున చూడవలసినది పదార్థపు బరువు గాదు, కణముల సంఖ్య.

విద్యార్థులు ఇట్లు ఊహింపవచ్చును. పైన చెప్పినట్టి పొరతో చేసిన మూడు సంచులలో నూటికి 10 పాళ్ల పంచదార నీరు నింపితిమనుకొందము. మంచినీటిలో నుంచినది బరువు పెరుగును. 10 పాళ్ల పంచదార నీటిలోనిది మారదు. 20 పాళ్ల దానిలోనిది తగ్గును. మఱియొక సంచిలో 1 పాలు పంచదార నీరు పోసి, 1 పాలు ఉప్పునీటిలో నుంచినచో? రెండును 1 పాలే గదా, మార్పుండదని తొందరపడి చెప్పరాదు. ఉప్పునీటిలోని కణములు పది రెట్లకు పైగా నుండును. పొర ఉప్పునుగూడ ఆపగలిగినచో, సంచి బరువు తగ్గును.

ఈ లెక్క ప్రాణములను కాపాడునది. మంచినీటిని నేరుగా రక్తములోని కెక్కించినచో రక్తకణములు నీటిని పీల్చి ఉబ్బి పగులును. కావుననే వైద్యులు నూటికి 0.9 పాలు గల ఉప్పునీటిని వాడుదురు; అందు కణము ఉబ్బదు, ముడుగదు.

వాంట్ హాఫు 1896లో బెర్లిను చేరెను. 1901లో రసాయనశాస్త్రమునకు మొట్టమొదటి నోబెలు బహుమానము ఆయనకే లభించెను. 1911 మార్చి 1వ తేదీన, 58వ యేట, క్షయవ్యాధిచే పరమపదించెను.

ఫెఫరు అంకెలు పది సంవత్సరములు అందరి యెదుటను ఉండినవి. వేఱొక శాస్త్రమువాని మాటను శ్రద్ధతో విని, వానిని తన శాస్త్రపు లెక్కతో పోల్చి చూచినవాడు వాంట్ హాఫు. మన బాలబాలికలును తోటివారి మాటను ఇట్లే విని, ఊహించి, పిమ్మట తూచి చూతురుగాక యని కోరుచున్నాము.