నల్లమలలో చెంచుల వెనుక నడిచిన హైమండార్ఫ్ గారు

ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక ప్రముఖుని జీవితం గురించి రాయమని మన సంఘం పెద్దలు కోరారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో ప్రముఖులకు కొదువ లేదు. సురవరం ప్రతాపరెడ్డి గారి గురించి, సంస్థానాల రాజుల గురించి మనవాళ్లు ఎన్నోసార్లు రాశారు, ఇంకా రాస్తారు. నేను మాత్రం ఎక్కడో ఆస్ట్రియా దేశంలో పుట్టి, మన నల్లమలలో కాలినడకన తిరిగి, అక్కడి చెంచుల మీద గొప్ప గ్రంథం రాసిన క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ గారి గురించి రాయదలచాను. ఆదిలాబాదు వాళ్లు ఆయనను తమ మనిషి అనుకుంటారు. అది న్యాయమే. కాని నిజాం రాజ్యంలో ఆయన మొట్టమొదట పరిశోధన చేసింది గోండుల మధ్య కాదు, మన అమ్రాబాద్ పీఠభూమిలో. ఈ సంగతి మన సభ్యుల్లోనే చాలామందికి తెలియదని ఈ మధ్య మాటల్లో గమనించాను.

హైమండార్ఫ్ గారు 1909లో వియన్నా నగరంలో ఒక ఉన్నత కుటుంబంలో జన్మించారు. వియన్నా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం చదివి 1931లో డాక్టరేటు పొందారు. ఆయన సిద్ధాంత వ్యాసం అస్సాం, బర్మా కొండజాతుల మీద. అప్పటికి ఆయన ఆ కొండలను చూడలేదు, గ్రంథాలయంలో కూర్చుని రాశారు. ఆ తర్వాత రాక్‌ఫెల్లర్ ఫెలోషిప్ మీద లండన్ వెళ్లి మలినోవ్‌స్కీ అనే పండితుని దగ్గర కొంతకాలం నేర్చుకున్నారు. ఏ జనం గురించి రాస్తామో వారి మధ్య నివసించి, వారితో తిని, వారితో నడిచి తెలుసుకోవాలన్నది ఆ గురువు పద్ధతి.

1936లో ఆయన నాగా కొండలకు వచ్చి కోన్యాక్ నాగుల మధ్య ఏడాదికి పైగా ఉన్నారు. అక్కడ జె.పి. మిల్స్ అనే బ్రిటిష్ అధికారి నడిపిన దండుతో కలిసి, అదివరకు బయటివారు అడుగుపెట్టని పాంగ్షా అనే గ్రామం దాకా నడిచారు. అది విహారయాత్ర కాదు. బానిసలను పట్టుకుపోతున్న గ్రామాన్ని శిక్షించడానికి అస్సాం రైఫిల్స్ సిపాయిలతో, వందలాది కూలీలతో వెళ్లిన దండయాత్ర. తుపాకుల నీడలో చేసిన ఆ ప్రయాణాన్ని ఈనాటి విద్యావంతులు కొందరు తప్పుపడతారు. వారి మాటను కొట్టివేయలేము. ఆ మనిషే నాలుగేళ్ల తర్వాత మన అడవికి ఎలా వచ్చారో చూస్తే తేడా తెలుస్తుంది.

1938లో ఆయన బెట్టీ బర్నార్డో గారిని వివాహమాడారు. 1939లో మళ్లీ నాగా కొండలకు పోదామని భార్యతో ఇండియా వచ్చారు. సరిగ్గా అప్పుడే రెండవ ప్రపంచయుద్ధం మొదలైంది. 1938లోనే ఆస్ట్రియాను జర్మనీ కలిపేసుకోవడంతో ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. శత్రుదేశపు పౌరుడని మర్యాదగానే అదుపులోకి తీసుకుని, నిజాం రాజ్యం పొలిమేర దాటరాదని ఆంక్ష పెట్టారు. మనలో ఎవరికైనా అలాంటి బదిలీ ఉత్తర్వు వస్తే ఏం చేసేవాళ్లమో గాని, ఆయన మాత్రం ఈ రాజ్యంలో ఉన్న అడవులేవి, ఆ అడవుల్లో ఉన్న మనుషులెవరు అని వాకబు చేశారు. అలా 1940లో భార్యాభర్తలిద్దరూ మహబూబ్‌నగర్ జిల్లా అమ్రాబాద్ కొండలెక్కారు.

గద్వాల, వనపర్తి మిత్రులకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. మీరు బీచుపల్లి దగ్గర చూసే కృష్ణ విశాలంగా, ఒడ్డున పొలాలతో కనిపిస్తుంది. సోమశిల దాటి నల్లమలలో ప్రవేశించాక అదే కృష్ణ నిట్టనిలువు కొండల మధ్య లోతైన లోయలో పారుతుంది. ఆ లోయకు ఉత్తరాన ఉన్నదే అమ్రాబాద్ పీఠభూమి. అచ్చంపేట వైపు నుండి మన్ననూరు కనుమ ఎక్కితే ఒక మెట్టు, అక్కడి నుండి ఫర్హాబాద్ ఎక్కితే రెండో మెట్టు. ఆ పై మెట్టు మీద అప్పాపూర్, రాంపూర్, మేడిమల్కల వంటి పెంటలు. పెంట అంటే మన పల్లెల్లో అర్థం వేరు గాని అక్కడ చెంచుల చిన్న గూడెమే పెంట. నాలుగైదు గుడిసెలు మొదలు పది పదిహేను వరకు ఉంటాయి.

అప్పటికి శ్రీశైలం డ్యామూ లేదు, ఇప్పుడు బస్సులు పోయే ఘాటు రోడ్డూ లేదు. ఎడ్లబండి పోయినంత వరకు బండి, ఆ పైన కాలినడక. నిజాం రాజ్యంలో దౌరా వచ్చే అధికారి అంటే ఊరికి గుండె దడ. డేరాలు, మంచాలు, వంటసామాను అన్నీ వెట్టివారి నెత్తిన మోయించేవారు, కోళ్లు, పాలు ఉచితంగా తెప్పించుకునేవారు. తెల్లదొర ఎవరైనా అడవికి వచ్చారంటే అది పులివేట కోసమే. అటువంటి రోజుల్లో వేటాడని, పన్నడగని తెల్లమనిషి ఒకరు భార్యతో సహా వచ్చి పెంట పక్కన డేరా వేసుకుని, గడ్డలు తవ్వబోయే ఆడవారి వెంట, తేనె తీయబోయే మగవారి వెంట నడిచారంటే ఆ చెంచులు ఏమనుకుని ఉంటారో ఊహించవలసిందే.

అడవిలో ఆయన చదువు పనికిరాదు. నీరు ఎక్కడుందో చెంచుకే తెలుసు. ఎండాకాలంలో పై మెట్టు మీద వాగులన్నీ ఎండిపోతే ఏ లొద్దిలో ఊట మిగిలి ఉంటుందో, ఏ రాతి కింద తడి ఉంటుందో వారికే తెలుసు. ఎలుగు ఏ వేళ ఏ చెట్టు దగ్గరికి వస్తుందో, ఏ తీగ కింద గడ్డ ఊరి ఉందో, ఏది తింటే గొంతు దురద పెడుతుందో వారికే తెలుసు. విల్లంబులు, గడ్డలు తవ్వే ఇనుప మొన కర్ర, ఒక గొడ్డలి, ఇంతే వారి ఆస్తి. ఇప్పపువ్వు, గడ్డలు, పండ్లు, వేట, తేనె, ఇవీ వారి బతుకు. కృష్ణ లోయ మీద వేలాడే రాతిచరియల తేనెపట్టులకు తాడు కట్టుకుని దిగుతారు. పైన తాడు పట్టుకునేవాడు బావమరిదే అయి ఉండాలని, చెల్లెలి పసుపుకుంకుమలు వాడి చేతిలో ఉన్నాయి గనుక వదలడని చెప్పుకుంటారు.

నేను అచ్చంపేట తాలూకాలో ఉద్యోగం చేసిన రోజుల్లో, 1981 జనాభా లెక్కల పని మీద ఫర్హాబాద్ దాటి ఒక పెంటకు నడవవలసి వచ్చింది. దారి చూపడానికి ఒక చెంచు పెద్దాయన ముందు నడిచాడు. దగ్గరి దారి ఒకటి కనబడుతుంటే చుట్టు తిప్పుతున్నాడేమిటని మాలో ఒకరు విసుక్కున్నారు. ఆయన బదులు చెప్పలేదు. గంట తర్వాత ఒక ఊట దగ్గర ఆపి, మోదుగాకు దొన్నె కుట్టి నీళ్లిచ్చాడు. దారి చీలిన ప్రతిచోటా ఒక కొమ్మ విరిచి అడ్డంగా వేశాడు, వెనుక వచ్చేవారు తప్పిపోకుండా. కొండముచ్చులు అరిచిన చోట చెయ్యెత్తి మమ్మల్ని నిలబెట్టాడు. హైమండార్ఫ్ గారి పుస్తకం నేను ఆ తర్వాతే చదివాను. చదువుతున్నంతసేపూ ఆ పెద్దాయన వీపే నా కళ్ల ముందు కనిపించింది.

చెంచుల మీద ఆయన గ్రంథం 1943లో లండన్‌లో అచ్చయింది. హైదరాబాదు రాజ్యపు ఆదివాసుల మీద ఆయన రాసిన వరుసలో అదే మొదటి సంపుటం. గోదావరి కొండల్లోని కొండరెడ్ల మీద రెండవది 1945లో, రాజగోండుల మీద మూడవది 1948లో వచ్చాయి. రెండవ దానిలో బెట్టీ గారి సహకారం పేరుతో సహా ఉంది. ఆమె కేవలం వెంట వెళ్లిన ఇల్లాలు కాదు. ఆడవారి జీవితం గురించి ఆ పుస్తకాల్లో ఉన్న వివరం చూస్తే, మగవాడు ఒక్కడే అడిగి తెలుసుకోగలిగినది కాదని నాకు తోస్తుంది.

పుస్తకం రాసి చేతులు దులుపుకుని ఉంటే ఆయన గురించి ఇంత రాయవలసిన పని లేదు. అడవి కాంట్రాక్టర్లు, వడ్డీ వ్యాపారులు, బయటి నుండి వచ్చి అడవి నరికి సాగు చేసేవారు చెంచులను ఎలా నెట్టివేస్తున్నారో ఆయన ప్రభుత్వానికి నివేదించారు. అడవిలో పుట్టినవారికి ఆ అడవి మీద హక్కుండాలని వాదించారు. ఫలితంగా 1940ల తొలి సంవత్సరాల్లో అమ్రాబాద్ పై మెట్టు మీద సుమారు లక్ష ఎకరాల అడవిని చెంచుల ప్రత్యేక ప్రాంతంగా కేటాయించారు. కాగితం మీద ఉన్నదంతా నేల మీద అమలైందని నేననను. ప్రభుత్వ ఉత్తర్వుల ఆయుష్షు ఎంతో మనకు తెలియనిది కాదు. కాని దారి చూపిన మనిషికి ఆ దారి మీద హక్కుందని ఒక ప్రభుత్వం చేత రాయించడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు.

ఆదిలాబాదు కథ మీకు తెలిసినదే గనుక క్లుప్తంగా చెబుతాను. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం వీరమరణం తర్వాత గోండుల అసంతృప్తికి కారణాలు తెలుసుకోవలసిన అవసరం నిజాం సర్కారుకు వచ్చింది. హైమండార్ఫ్ దంపతులు మార్లవాయి అనే గోండు గ్రామంలో గుడిసె వేసుకున్నారు. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది, గోండి భాషలో వాచకాలు వచ్చాయి, వేలాది కుటుంబాలకు పట్టాలు అందాయి. ఆదివాసీ ప్రాంతాల రెగ్యులేషన్ 1356 ఫస్లీలో వచ్చింది. రెవెన్యూలో పనిచేసిన మిత్రులకు ఫస్లీ లెక్క విడమరచి చెప్పనక్కరలేదు. మధ్యలో 1944-45లో ప్రభుత్వం ఆయనను ఈశాన్య సరిహద్దుకు పంపగా, అపతానీ లోయ దాకా కొండలు దాటి నడిచారు. తిరిగి వచ్చి నిజాం ప్రభుత్వానికి సలహాదారుగా, ఉస్మానియాలో ఆచార్యుడుగా పనిచేశారు. 1949లో లండన్ వెళ్లి, 1951 నుండి 1976లో రిటైరయ్యే వరకు అక్కడి విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరుగా ఉన్నారు.

నేపాల్ దేశం తలుపులు తెరిచిన కొత్తలో, 1953లో, ఆయన అక్కడికి వెళ్లారు. ఎవరెస్టు ఎక్కిన సంవత్సరం అదే. టెన్సింగ్ పేరు లోకమంతా మారుమోగింది గాని, ఆ షెర్పాలు ఇంటి దగ్గర ఏం తింటారు, ఏం పండిస్తారు, పెళ్లిళ్లు ఎలా చేస్తారు అని లోకం అడగలేదు. ఖాట్మండు నుండి రోజుల తరబడి నడిచి వారి గ్రామాలకు చేరి, వారి మధ్య ఉండి, 1964లో వారి మీద పుస్తకం వెలువరించారు హైమండార్ఫ్ గారు. ఇరవై ఏళ్ల తర్వాత, 1984లో, ట్రెక్కింగు వ్యాపారం వచ్చాక ఆ షెర్పాలు ఎంత మారిపోయారో చూసి మరో పుస్తకం రాశారు. డబ్బు వచ్చింది, బడులు వచ్చాయి. పొలాలు, పశువులు వదిలి మగవాళ్లు నెలల తరబడి పరదేశీయుల బరువులు మోస్తూ, వారికి దారి చూపుతూ కొండల్లోనే ఉండిపోసాగారు. మంచీ చెడూ రెండూ రాశారాయన.

మొన్న మా మనవడు ఆఫీసు స్నేహితులతో వీపున సంచులు తగిలించుకుని హిమాలయాల్లో వారం రోజులు నడిచి వచ్చాడు. మంచు గురించి, ఊపిరాడకపోవడం గురించి, బూట్ల కంపెనీ గురించి బాగా చెప్పాడు. మంచులో దారి కనబడక చిక్కుకున్నప్పుడు చెయ్యి పట్టి దించిన గైడు పేరేమిట్రా అంటే గుర్తు రాలేదు. ఈ వ్యాసం రాయాలన్న ఆలోచన నాకు అప్పుడే వచ్చింది. వాడిని ఈ చైత్ర పౌర్ణమికి సలేశ్వరం తీసుకుపొమ్మని పోరుతున్నాను. లొద్దిలోకి ఆ రాళ్ల మీద దిగడం మన వయసువారికి తగదు, పిల్లలను పంపండి. అక్కడి స్వామికి పూజారులూ చెంచులే, దారికి పెద్దలూ వారే.

రిటైరైన తర్వాత కూడా హైమండార్ఫ్ గారు ఆంధ్రప్రదేశ్ ఆదివాసీ ప్రాంతాలకు మళ్లీ మళ్లీ వచ్చారు. తాము ఇప్పించిన భూములు ఇతరుల చేతుల్లోకి పోవడం చూసి బాధపడి, 1982లో భారతదేశపు ఆదివాసుల మీద గట్టి పుస్తకం రాశారు. మన నల్లమలలో కూడా ఆ తర్వాత చాలా జరిగింది. 1983లో పులుల సంరక్షణ ప్రాంతం అయింది. రాష్ట్రం విడిపోయాక మన వైపు భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వు పేరుతో వేరుపడింది. 2006 అటవీ హక్కుల చట్టం ఒకవైపు, పులుల కోసం లోపలి పెంటలను బయటికి తరలించాలన్న ప్రయత్నం మరొకవైపు. మన్ననూరు నుండి అటవీ శాఖ వారి సఫారీ జీపులు నడుస్తున్నాయి. వాటిలో వచ్చినవారికి అడవిని చూపడం కొందరు చెంచు యువకులకు జీతమైంది. పులిని కాపాడవలసిందే, అందులో రెండో మాట లేదు. కాని పులితో పాటు ఇన్ని తరాలు బతికినవారిని పంపివేసి, వారిలో ఇద్దరు ముగ్గురిని గైడులుగా పెట్టుకుంటే లెక్క సరిపోతుందా అన్నది, లెక్కలు రాసి బతికిన మనవంటివారు అడగవలసిన ప్రశ్నే.

బెట్టీ గారు 1987 జనవరి 11న హైదరాబాదులో కన్నుమూశారు. ఆమె సమాధి మార్లవాయిలో ఉంది. హైమండార్ఫ్ గారు 1995లో లండన్‌లో మరణించారు. ఆయన స్మారకం కూడా ఆమె పక్కనే ఉంది. ఏటా జనవరి 11న గోండులు అక్కడ చేరి ఇద్దరికీ పూజ చేస్తారు. వనపర్తి నుండి రెండు బస్సులు మారి ఒక పూర్తి రోజు ప్రయాణం. మన సభ్యుల్లో ముగ్గురు వస్తామన్నారు. చలికాలం గనుక మోకాళ్లు ఒప్పుకుంటే వచ్చే జనవరిలో బయలుదేరుతాము. తోడు రాదలచినవారు సంఘం కార్యాలయంలో పేరు ఇవ్వగలరు.