సోఫియా కొవలెవ్‌స్కయా: గోడమీది గణితపాఠము

విశ్వవిద్యాలయములో కలన గణితమును అభ్యసించు విద్యార్థికి మొదటి అర్ధసంవత్సరము సాధారణముగా సుఖముగనే గడచిపోవును. వక్రరేఖకు స్పర్శరేఖ గీయుట, కదలు వస్తువు వేగమును లెక్కించుట, గరిష్ఠ కనిష్ఠములను కనుగొనుట, ఇవి అన్నియు కంటికి కనబడు విషయములు. రెండవ అర్ధసంవత్సరమున సమాకలనమును దాటి అనంతశ్రేణుల వాకిట అడుగిడినప్పుడే అసలు పరీక్ష ఎదురగును. అంతము లేని కూడిక ఒకటి ముందు నిలుచును. దాని మొత్తము ఒక నిశ్చితమైన సంఖ్య యగునా, కాదా యని తేల్చవలసియుండును. ఆనర్సు తరగతులలో ఉపాధ్యాయుడు జవాబుతో తృప్తి చెందడు. నిరూపణ కావలెనని పట్టుబట్టును. ఈ ప్రశ్నయందే తన మేధను లగ్నము చేసి, చిరస్థాయియైన సిద్ధాంతమును లోకమునకు అందించిన విదుషీమణి సోఫియా కొవలెవ్‌స్కయా. స్త్రీ యగుటచేత ఆమెకు ఆ పాఠమును విశ్వవిద్యాలయపు తరగతిగదిలో కూర్చుండి వినుటకు హక్కు లేకపోయెను.

ఆమె 1850 జనవరి 15వ తేదీన మాస్కో నగరమున జన్మించెను. తండ్రి వసీలీ కోర్విన్-క్రుకోవ్‌స్కీ రష్యా సైన్యమున ఫిరంగిదళాధికారి. తల్లి యెలిజవేతా షూబర్ట్ అను ఖగోళశాస్త్రవేత్త వంశమునకు చెందినది. తండ్రి ఉద్యోగవిరమణానంతరము కుటుంబము పలిబినో గ్రామములోని తమ ఎస్టేటునకు తరలివెళ్లెను. ఇంటిని క్రొత్తగా అలంకరించునపుడు గోడలకు అంటించు రంగుకాగితము పిల్లల గది ఒక్కదానికి చాలకపోయెను. అటకపై పాత కాగితములు కట్టలుగా పడియుండెను. అవి ఓస్ట్రోగ్రాడ్‌స్కీ అను ప్రసిద్ధ గణితాచార్యుడు కలన గణితముపై చేసిన ఉపన్యాసముల అచ్చుప్రతులు; తండ్రి యౌవనమున చదువుకొనినవి. వానినే పిల్లల గది గోడలకు అంటించిరి.

ఆ బాలిక గంటలకొలది ఆ గోడ యెదుట నిలిచి చూచుచుండెడిది. ఏ కాగితము తరువాత ఏది రావలెనో కనుగొనుటకు ప్రయత్నించెడిది. అర్థమేమియు తెలియకపోయినను, సూత్రముల ఆకారములు ఆమె మనస్సున ముద్రపడిపోయెను. పెదతండ్రి ప్యోత్ర్ ఆ యింటికి వచ్చినప్పుడెల్ల, వృత్తమునకు సమానమైన చతురస్రమును నిర్మించు సమస్యను గురించియు, వక్రరేఖ నిరంతరము సమీపించుచు ఎన్నటికిని తాకని సరళరేఖను గురించియు కథలు చెప్పినట్లు చెప్పెడివాడు. గణితము రహస్యమైన గొప్పలోకమని ఆమెకు ఆ వయస్సుననే తోచెను.

పొరుగున నివసించు తిర్తోవ్ అను ఆచార్యుడు తాను రచించిన భౌతికశాస్త్ర గ్రంథమును ఆ కుటుంబమునకు బహూకరించెను. అందు త్రికోణమితి తెలిసినగాని బోధపడని భాగములు కలవు. ఆమె త్రికోణమితి చదువలేదు. అయినను జ్యాఖండము సహాయముతో సైను అనునది ఏమైయుండవచ్చునో తనంతట తానే ఊహించి ఆ భాగమును సాధించెను. తిర్తోవ్ ఆశ్చర్యపడి, ఈమెకు ఉన్నతగణితము చెప్పించుట మీ ధర్మమని తండ్రికి బోధించెను. కుమార్తె గణితమున మునుగుట ఇష్టములేని తండ్రి తుదకు సమ్మతించెను.

సెయింట్ పీటర్స్‌బర్గులో స్ట్రానొల్యూబ్‌స్కీ అను ఉపాధ్యాయుడు ఆమెకు కలన గణితము చెప్పనారంభించెను. అవధి, అవకలనము అను భావములను పూర్వమే నేర్చియున్నదానివలె ఆమె గ్రహించుట చూచి ఆయన విస్మయము చెందెను. గోడమీద చూచిన అక్షరములకు ఆనాడు అర్థము కలిగెను. చూచినంత మాత్రమున విద్య అబ్బలేదు. కాని పరిచయము వలన భయము పోయెను. భయము పోయిన మనస్సునకు సరియైన సమయమున గురువు దొరకెను. పాఠము నాటుకొనుటకు ఈ రెండును కావలెనని ఉపాధ్యాయులెరుగుదురు.

ఆపైన దారి మూసియుండెను. రష్యాలో 1863 నాటి నియమావళి స్త్రీలకు విశ్వవిద్యాలయప్రవేశమును నిషేధించెను. విదేశములకు పోవలెనన్న తండ్రి యొక్కయో భర్త యొక్కయో అనుమతి కావలెను. విద్యాకాంక్ష గల యువతులు కొందరు ఆ కాలమున ఒక ఉపాయము పన్నుచుండిరి. తమ ఆశయములపట్ల సానుభూతి గల యువకుని పేరునకు మాత్రము వివాహమాడి దేశము దాటిపోయెడివారు. సోఫియా 1868లో వ్లదీమిర్ కొవలెవ్‌స్కీని ఇట్లే వివాహమాడెను. ఆయన పిమ్మట ప్రాచీన జీవుల శిలావశేషములను పరిశోధించి ఖ్యాతి గడించెను. పదునెనిమిదేండ్ల యువతి చదువుకొరకు చెల్లించిన మొదటి మూల్యమది. నామమాత్రమైన ఆ బంధము తరువాతి కాలమున నిజమైన దాంపత్యమై, సుఖముకన్న ఎక్కువ దుఃఖమునే తెచ్చిపెట్టెను.

1869లో ఆమె జర్మనీలోని హైడెల్‌బర్గు చేరెను. అచ్చటను విద్యార్థినిగా పేరు నమోదు చేసికొనుటకు వీలులేదు. ఒక్కొక్క ఆచార్యుని విడివిడిగా కలిసికొని, ఆయన దయతలచినచో మాత్రము ఉపన్యాసమును వినవచ్చును. అట్లు ఆమె కిర్‌కోఫ్, హెల్మ్‌హోల్ట్‌జ్, క్యోనిగ్స్‌బెర్గర్ మున్నగు వారి పాఠములను వినెను. వీరిలో క్యోనిగ్స్‌బెర్గర్ బెర్లినులోని కార్ల్ వైయర్‌స్ట్రాస్ శిష్యుడు. ఆ శిష్యుని పాఠములు వినిన సోఫియాకు గురువునే ఆశ్రయింపవలెనను కోరిక కలిగెను. 1870 శరత్కాలమున ఆమె బెర్లిను చేరెను.

వైయర్‌స్ట్రాస్ వృత్తాంతము ఉపాధ్యాయులు ప్రత్యేకముగా తెలిసికొనదగినది. ఆయన యౌవనమున పట్టము పుచ్చుకొనకయే విశ్వవిద్యాలయమును విడిచెను. సుమారు 14 సంవత్సరములు చిన్న పట్టణములలో బడిపంతులుగా పనిచేసెను. గణితముతోపాటు పిల్లలకు దస్తూరియు, వ్యాయామమును కూడ నేర్పెను. పగలు బడి, రాత్రి పరిశోధనగా కాలము గడచెను. 1854లో ప్రకటించిన ఒక్క వ్యాసముతో ఆయన పేరు యూరపంతట మారుమ్రోగెను. రెండేండ్లలో బెర్లినునకు ఆహ్వానము వచ్చెను. సోఫియా తలుపు తట్టునాటికి ఆయనకు 55 సంవత్సరములు, ఆమెకు 20.

ఆయన ఆమెకు కొన్ని కఠినమైన సమస్యలనిచ్చి పంపెను. వారము దినములలో ఆమె సాధనలతో తిరిగివచ్చెను. అవి నిర్దుష్టముగా ఉండుటయేగాక, నూతనమార్గములను త్రొక్కియుండెను. ఆమెను తరగతిలో కూర్చుండనిమ్మని ఆయన విశ్వవిద్యాలయమును కోరెను, అధికారులు నిరాకరించిరి. అంతట ఆయన తరగతిలో చెప్పు పాఠములనే ఆమెకు విడిగా చెప్ప నిశ్చయించెను. వారమునకు రెండు దినములు, ఒకనాడు తన యింట, మరియొకనాడు ఆమె బసలో, నాలుగేండ్లపాటు ఈ విద్యాదానము సాగెను.

ఆ పాఠములలోని విశేషమేమనగా, కలన గణితమునకు దృఢమైన పునాది వేయుట. న్యూటన్, లైబ్నిట్జుల కాలమునుండి ఈ శాస్త్రము అద్భుతఫలితములనిచ్చుచుండెను గాని, అత్యల్పరాశి, అనంతము అను మాటలకు స్పష్టమైన నిర్వచనము లేకుండెను. కోషీ 1821లో ప్రకటించిన గ్రంథమున ఈ లోపమును చాలవరకు సవరించెను. వైయర్‌స్ట్రాస్ మరింత ముందుకు పోయి, సమీపించుట అను చలనభావమును తొలగించి, దాని స్థానమున అసమీకరణములను నిలిపెను. ఇంత దోషమును మాత్రమే సహింతుమన్నచో, ఇంత దూరములోపల ఉండిన చాలునని చూపవలెను; అంతియే. 1872లో ఆయన ఎచ్చటను తెగిపోకుండియు, ఏ బిందువువద్దను స్పర్శరేఖ లేని వక్రరేఖను బెర్లిను విద్వత్సభకు చూపి, కంటిని నమ్మి గణితమును చేయరాదని స్థాపించెను. నేటి విద్యార్థులు ఆనర్సు తరగతులలో నేర్చుకొను పద్ధతి చాలవరకు ఇదియే.

సోఫియా ఈ పద్ధతిని పాక్షిక అవకలన సమీకరణములకు అన్వయించెను. అట్టి సమీకరణమునకు సాధనను అనంతమైన ఘాతశ్రేణిగా భావించి, గుణకములను వరుసగా లెక్కించుట ఒక పద్ధతి. లెక్క చేతికి వచ్చును. కాని ఆ శ్రేణి అభిసరించునా అనునదే చిక్కు. ఏ నియమములకు లోబడిన సమీకరణములలో అది తప్పక అభిసరించునో ఆమె నిరూపించెను. కోషీ 1842లో దీనియొక్క ప్రత్యేకరూపమును కనుగొనియుండెను. ఆమె దానిని సాధారణరూపమున స్థాపించెను. నేడు ఇది కోషీ-కొవలెవ్‌స్కయా సిద్ధాంతమను పేర ప్రసిద్ధము.

నియమములు లేనిచో ఏమగునో చూపుటకు ఆమె ఉష్ణప్రసారమును తెలుపు సమీకరణమును ఉదాహరణగా గ్రహించెను. తొలిక్షణమున ఒక కడ్డీపైని ఉష్ణోగ్రత, ఒకటినుండి దూరమును తీసివేయగా వచ్చిన శేషముచే ఒకటిని భాగించిన ఫలమునకు సమానమనుకొనినచో, మూలబిందువువద్ద కాలమును బట్టి ఏర్పడు శ్రేణిలో మొదటి పదము 1. తరువాతి గుణకములు వరుసగా 2, 12, 120, 1680. కాలమును నూరవ వంతుగా గ్రహించినచో పదములు 1, 0.02, 0.0012, 0.00012 అని వేగముగా క్షీణించును. ఎవరైనను ఈ శ్రేణి అభిసరించుననియే తలతురు. కాని ఇరువదియైదవ ఘాతము వరకే ఆ క్షీణత. అటుపిమ్మట ప్రతి పదమును ముందుదానికన్న పెద్దదై హద్దు లేక పెరిగిపోవును. కాలమును ఇంకను చిన్నదిగా గ్రహించినచో ఆ పెరుగుదల ఆలస్యమగునే గాని తప్పదు. సున్న తప్ప ఏ కాలమునకును ఆ శ్రేణికి మొత్తము లేదు. మొదటి నాలుగు పదములను చూచి తీర్పు చెప్పరాదను పాఠమునకు ఇంతకన్న చక్కని దృష్టాంతము దొరకదు. ఈ విషయమును కనిపెట్టినది ఆమెయే యని వైయర్‌స్ట్రాస్ స్వయముగా అంగీకరించెను.

ఈ వ్యాసమునకు తోడు శనిగ్రహ వలయములను గూర్చి ఒకటి, ఆబేలియన్ సమాకలనులను గూర్చి ఒకటి, మొత్తము మూడు వ్యాసములను వైయర్‌స్ట్రాస్ గ్యోటింగెన్ విశ్వవిద్యాలయమునకు పంపెను. 1874లో ఆ సంస్థ మౌఖికపరీక్ష లేకయే అత్యున్నత ప్రశంసతో ఆమెకు డాక్టరు పట్టమునిచ్చెను. ఆధునిక యూరపున గణితశాస్త్రములో ఆ పట్టమును పొందిన మొదటి మహిళ ఆమెయే.

ఇంతటి పట్టముతో స్వదేశమునకు మరలిన ఆమెకు దొరకదగిన ఉద్యోగము, బాలికల పాఠశాలలో క్రింది తరగతులకు అంకగణితము చెప్పుట మాత్రమే. గౌరవమైన వృత్తియే యైనను, ఆమె విద్యకు రష్యా కట్టిన విలువ అది. సుమారు ఆరు సంవత్సరములు ఆమె గణితమునకు దూరమయ్యెను. 1878లో కుమార్తె కలిగెను. భర్త వ్యాపారములందు దిగి సర్వమును కోల్పోయెను. 1880లో సెయింట్ పీటర్స్‌బర్గున జరిగిన శాస్త్రజ్ఞుల మహాసభలో ఆమె తన పాత వ్యాసమును చదువగా, ఇన్నేండ్లు గడచినను దానిని మించిన పని రాలేదని విద్వాంసులు గ్రహించిరి. తిరిగి గణితమున నిలద్రొక్కుకొనుచుండగా, 1883 వసంతమున భర్త ఆత్మహత్య చేసికొనెను.

ఆ విపత్సమయమున వైయర్‌స్ట్రాస్ మరియొక శిష్యుడు మిటాగ్-లెఫ్లర్ ఆమెను స్వీడనునకు ఆహ్వానించెను. 1884 ప్రారంభమున ఆమె స్టాక్‌హోమ్‌లోని నూతన విద్యాపీఠమున పాఠములు మొదలిడెను. మొదట జర్మను భాషలో చెప్పి, త్వరలోనే స్వీడిష్ భాష నేర్చి ఆ భాషలోనే బోధించెను. తాను బల్లపై కూర్చుండ నోచుకొనని విశ్వవిద్యాలయమున, నల్లబల్ల యెదుట నిలిచి పాఠము చెప్పు అధికారము ఆమెకు లభించెను. ఆ యేడే ఐదేండ్ల గడువుతో ఆచార్యపదవి దక్కెను. 1889లో అది శాశ్వతమయ్యెను.

ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తు 1888వ సంవత్సరపు బోర్దాన్ బహుమానమునకు పోటీ ప్రకటించెను. విషయము, ఒక బిందువువద్ద స్థిరముగా నిలిచి తిరుగు ఘనవస్తువు గమనము. బొంగరము తిరుగు తీరును కొన్ని ప్రత్యేకస్థితులలో ఆయిలర్, లగ్రాంజి పూర్వమే సాధించిరి. సోఫియా మూడవ స్థితిని కనుగొని సంపూర్ణముగా సాధించెను. పోటీలో వ్రాసినవారి పేర్లు గుప్తముగా ఉంచబడెను. తీర్పరులు ఎవరి వ్యాసమో ఎరుగకయే దానిని ఉత్తమమని నిర్ణయించి, దాని గొప్పతనమును గుర్తించి బహుమానమును 3000 ఫ్రాంకులనుండి 5000 ఫ్రాంకులకు పెంచిరి. పేరు చూడనిచోట ప్రతిభకు న్యాయము జరిగెను. మరుసటి యేడు రష్యా విజ్ఞాన పరిషత్తు తన నియమమును సవరించి ఆమెను సభ్యురాలిగా ఎన్నుకొనెను. కాని స్వదేశమున ఆచార్యపీఠము మాత్రము లభింపలేదు.

1891 ఫిబ్రవరి 10వ తేదీన ఊపిరితిత్తుల వ్యాధితో ఆమె స్టాక్‌హోమ్‌లో పరమపదించెను. అప్పటికి ఆమె వయస్సు 41. శిష్యురాలి మరణవార్త విన్న వృద్ధగురువు ఆమె తనకు వ్రాసిన ఉత్తరములను అగ్నికి అర్పించెను.

సోఫియా జీవితమున నిబంధనలు అడ్డగించిన ప్రతిచోటను ఒక ఉపాధ్యాయుడు నిలిచి దారి చూపెను. తిర్తోవ్ తండ్రిని ఒప్పింపకపోయినను, వైయర్‌స్ట్రాస్ తన విశ్రాంతిదినమును ఆమెకు ఈయకపోయినను, మిటాగ్-లెఫ్లర్ పీఠమును చూపకపోయినను ఆ ప్రతిభ అణగిపోయెడిదే. అనంతశ్రేణి యెదుట నిలిచిన విద్యార్థి మొదటి పదములను చూచి దాని గతిని నిర్ణయింపడు. విద్యార్థి యెదుట నిలిచిన ఉపాధ్యాయుడును అట్టి తొందరపాటునకు లోనుగాక, తుదివరకు పరీక్షించి చూడవలెను.