గజసాహిణి జయపసేనాని

కృష్ణవేణి సముద్రమును కలియుచోట దివిసీమ యున్నది. 12వ శతాబ్ది చివర ఆ లంకల నేలను అయ్యవంశపు నాయకులు పాలించుచుండిరి. ఆ వంశమున పినచోడి యను నాయకునికి జయపుడు జన్మించెను. 1199లో ఓరుగంటి సింహాసన మెక్కిన కాకతి గణపతిదేవ చక్రవర్తి కొలది యేండ్లకే తీరాంధ్రముపై దండెత్తి దివిని జయించెను. ఓడిన వంశమును తుడిచివేయుట ఆనాటి రాజులలో వింత గాదు. గణపతిదేవుడట్లు చేయలేదు. పినచోడి కుమార్తెలగు నారాంబను, పేరాంబను పెండ్లియాడి, వారి సోదరుడైన జయపుని తన కొలువులోనికి తీసికొనెను.

చక్రవర్తికి బావమరది యను గౌరవ మొకవైపు, జయింపబడిన ఇంటివాడను ఎరుక మరియొకవైపు. ఇట్టి స్థితిలో పెరిగినవాడు పగబట్టవచ్చును, లేక ముఖస్తుతికి అలవాటు పడవచ్చును. జయపుడు ఈ రెండును గాక విద్యను పట్టుకొనెను. అతని బుద్ధిసూక్ష్మతను గుర్తించినవాడు గణపతిదేవుడే. రాజు కోరిక మేరకు గుండామాత్యుని కడ జయపుడు నృత్తశాస్త్రము నభ్యసించెను. కత్తి పట్టవలసిన బాలునకు తాళమును, అంగహారములను నేర్పించిన ఆ చక్రవర్తి దూరదృష్టి కొనియాడదగినది.

పిదప జయపుడు గజసాహిణి, అనగా కాకతీయుల గజసైన్యమునకు అధిపతి యయ్యెను. ఏడు స్వరములకు ఏడు ప్రాణుల కంఠములను చెప్పిన మన పెద్దలు ఏనుగునకు నిషాదము నిచ్చిరి. నెమలిది షడ్జము. ఆ లెక్కన జయపుని ఉద్యోగమంతయు నిషాదము నడుమనే గడచినదనవలెను!

1213లో వెలసిన శాసనము వలన తామ్రపురి, అనగా నేటి చేబ్రోలు, జయపునకు లభించినట్లు తెలియుచున్నది. జయింపబడిన తన దివిసీమలోనే ప్రభువు పేర గణపేశ్వరాలయమును కట్టించి 1231లో శాసనము వేయించెను. చేబ్రోలులో తండ్రి పేర చోడేశ్వరాలయమును నిలిపెను. గెలిచిన రాజు పేరను, ఓడిన తండ్రి పేరను దేవుని ప్రతిష్ఠించి యిరువురి ఋణమును తీర్చుకొన్న తీరు అతని స్వభావమును చక్కగా తెలుపును.

అదే కాలమున ఓరుగంటికి పొరుగున దేవగిరిలో, యాదవ సింఘణుని ఆస్థానమున, శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమును రచించెను. నాదము హృదయమున మంద్రముగను, కంఠమున మధ్యముగను, శిరస్సున తారముగను పుట్టుననియు, ఒకదానికంటె మరియొకటి రెట్టింపనియు అందు చెప్పబడినది. నేటి ధ్వనిశాస్త్రము పలుకునదియు నిదియే. బిగించిన తీగను సరిగా సగము చేసి మీటినచో కంపనముల సంఖ్య రెట్టింపై పైస్థాయి షడ్జము పలుకును. మూడింట రెండు వంతులు మీటిన పంచమము పలుకును. ఇరువది రెండు శ్రుతులను నిరూపించుటకు శార్ఙ్గదేవుడు ఇరువది రెండేసి తీగలుగల రెండు వీణలను చెప్పెను. ఒకదానిని కదపకుండ నుంచి రెండవదాని శ్రుతిని క్రమముగా దించుచు పోల్చవలెను. చెవితో చేసెడి ప్రయోగమిది. నమ్మకముపై వదలినది గాదు.

అయితే స్వరమును సరిగమలుగా వ్రాయవచ్చును గాని, స్వరమునకును స్వరమునకును నడుమ గొంతు నడచిన నడకను అక్షరములలో నింపుట దుర్లభము. పాట ముగిసినంతనే గాలిలో కలిసిపోవును. నృత్తమున కీ కష్టము మరింత హెచ్చు. కాలు ఎక్కడ మోపవలెను, చూపు ఎటు తిరుగవలెను, గజ్జె ఏ అక్షరమున మ్రోగవలెను అనువానిని మాటలలో పెట్టవలెను. ఆ పనికి పూనుకొన్నవాడు జయపసేనాని.

అతని నృత్తరత్నావళి 1253-54లో ముగిసినది. అప్పటికతడు వయోవృద్ధుడు. సంస్కృతమున రచింపబడిన ఈ గ్రంథమున ఎనిమిది అధ్యాయములు గలవు. మొదటి నాలుగింట భరతముని చూపిన మార్గపద్ధతి, తరువాతి నాలుగింట దేశి పద్ధతి వివరింపబడినవి. మొదటి సగమున అతడు పూర్వాచార్యుల శిష్యుడు. రెండవ సగమున వీథులలోను, గుడి ముంగిళ్ళలోను కన్నులార చూచినవాడు. గ్రంథమునకు ప్రాణము ఈ రెండవ సగమే. పేరణి, రాసకము, దండరాసకము, చర్చరి, కందుకము, కోలాటము మున్నగు ప్రజల ఆటలకు పండితుల సభలో పీట వేసినవాడతడు. భిల్లస్త్రీ ఆడిన ఆటను చూచి చాళుక్య సోమేశ్వరుడు ముగ్ధుడైన వృత్తాంతమును సైతము గొండలి నృత్తము కడ గ్రంథస్థము చేసెను. శివభక్తుడైన జయపుడు, గోపికలతో కృష్ణస్వామి ఆడిన రాసమునకు చుట్టమగు రాసకములను అంతే శ్రద్ధతో వర్ణించుట గమనింపదగినది. నేటికిని తిరువీథులలో స్వామి ముందు కోలాటము వేయు భక్తులు ఎరుగకయే జయపుడు వ్రాసిన పుటలలో అడుగిడుచున్నారు.

ఈ సేనాని గీతరత్నావళి, వాద్యరత్నావళి యను మరి రెండు గ్రంథములను కూడ రచించెనని ప్రసిద్ధి. ఆ రెండును నష్టమైనవి. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సుల్తానుల వశమయ్యెను. కోటలోని స్వయంభూదేవుని ఆలయము కూలి, నాలుగు దిక్కుల తోరణములు మాత్రము నిలిచినవి. ఓరుగంటివారు ఎట్లు ఆడిరో నేడు చెప్పవచ్చును. ఎట్లు పాడిరో చెప్పుటకు వలసిన పొత్తము లేదు. ఒక రాజధాని గొంతు అట్లు మూగవోయినది.

పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్పగుడి నృత్తశిల్పములకు ప్రసిద్ధము. అచ్చట ద్వారము ప్రక్కనున్న వేణుగోపాలుని శిల్పమును తట్టినచో స్వరములు పలుకునని యాత్రికులు చెప్పుకొందురు. గట్టి రాతిని పలుచగా చెక్కినపుడు ఆ భాగము మందమును బట్టి వేర్వేరు శ్రుతులలో మ్రోగుట సహజమే. తట్టి చూచువారి వ్రేళ్ళకు శిల్పము అరుగుట కూడ సహజమే గనుక చూచి నమస్కరించుట మేలు.

వ్రాతప్రతి రూపమున మిగిలిన నృత్తరత్నావళిని డాక్టర్ వి. రాఘవన్ పరిష్కరింపగా 1965లో మదరాసున అచ్చయ్యెను. ఆ గ్రంథమును, రామప్ప శిల్పములను ఆధారముగా గైకొని నటరాజ రామకృష్ణగారు పేరిణి నృత్తమును మరల రంగమెక్కించిరి. ఏడువందల యేండ్ల నాటి గజ్జె తిరిగి మ్రోగినది. మాటలలో వ్రాసియుంచిన దాని బలమట్టిది.

దానిని 1969లో తెలుగునకు తెచ్చినవారు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు. తిరుపతి యాత్రికులకు వారి పేరు క్రొత్తది గాదు. తాళ్ళపాకవారి రాగిరేకులు వెలికివచ్చినపుడు వేలకొలది సంకీర్తనల మీద రాగముల పేర్లు మాత్రముండినవి, స్వరము లేదు. అన్నమాచార్యుల పాటకును ఓరుగంటి పాటకు పట్టిన గతియే పట్టినది. శర్మగారు శ్రుతి సవరించుకొని కూర్చుండి, పాట భావమును, రేకుమీది రాగమును ఎదుట నుంచుకొని స్వరకల్పన చేసి, ఆ వరుసలు మరల గాలిలో కలియకుండ స్వరలిపితో అచ్చువేయించిరి. వారు 1979లో పరమపదించిరి. ఆ స్వరములు నేడు గాయకుల కంఠములలో నున్నవి. జయపుని గీతరత్నావళి మాత్రము ఇంకను దొరకలేదు.