నంద్యాల గెలిపించిన రాష్ట్రపతి

ప్రజాప్రభుత్వమును కూల్చుటకు ఫిరంగులు అక్కరలేదు. ఒక్క సంతకము చాలును. ఈ సత్యమును జర్మనీ దేశము 1933లో తెలిసికొనెను. భారతదేశము 1975లో తెలిసికొనెను. జర్మనీ ఆ సంతకమునకు చెల్లించిన మూల్యము లోకమెరిగినదే. మన దేశము ఇరువదియొక్క మాసములలో బయటపడెను. అట్లు బయటపడిన దినములలో నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల ప్రజలు ఓట్లు వేసి గెలిపించిన పెద్దమనిషియే, సుమారు నాలుగు నెలలకే, అట్టి సంతకము చేయవలసిన పీఠమును అధిష్ఠించిరి. వారు నీలం సంజీవరెడ్డిగారు. వారి జీవితమును ఈ దృష్టితో పరిశీలించుట మన పాఠకులకు ఉపయోగకరమని తలచుచున్నాము.

రెడ్డిగారు 1913లో అనంతపురం జిల్లా ఇల్లూరు గ్రామమున వ్యవసాయ కుటుంబములో జన్మించిరి. అడయారులోని దివ్యజ్ఞాన సమాజమువారి పాఠశాలలోను, పిమ్మట అనంతపురం కళాశాలలోను చదివిరి. 1929లో గాంధీమహాత్ముడు అనంతపురమునకు విచ్చేయుట ఆ యువకుని దారి మార్చెను. 1931లో చదువునకు స్వస్తి చెప్పి సత్యాగ్రహమున దిగిరి. 1938లో ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘమునకు కార్యదర్శియై పదియేండ్లు ఆ భారమును వహించిరి. 1940 మొదలు 1945 వరకు వారి కాలములో అధికభాగము చెరసాలలలోనే గడచెను. అమరావతి జైలులో టంగుటూరి ప్రకాశం పంతులుగారు, కామరాజుగారు, వి. వి. గిరిగారు వారికి సహవాసులు. ఆ గోడలకు వెలుపల లోకమంతయు హిట్లరు రగిల్చిన యుద్ధాగ్నిలో తగులబడుచుండెను.

ఆ హిట్లరు రాజ్యాంగమును బయటినుండి బద్దలుకొట్టుకొని వచ్చినవాడు కాడు. 1918 నవంబరులో కైజరు సింహాసనము విడిచిన పిదప జర్మనులు 1919లో వైమారు నగరమున ఒక రాజ్యాంగము వ్రాసికొనిరి. స్త్రీలకును పురుషులకును సమానముగా ఓటు హక్కు నిచ్చిన ఉదారమైన శాసనమది. కాని దాని 48వ అధికరణము, దేశమునకు ఆపద కలిగినపుడు పౌరుల హక్కులను నిలిపివేయు అధికారమును అధ్యక్షునకు కట్టబెట్టెను. ఓటమి భారము, 1923 నాటి ద్రవ్యపతనము, 1932 నాటికి అరువది లక్షలకు చేరిన నిరుద్యోగము ఆ ప్రభుత్వమును క్షీణింపజేసెను. 1930 నుండి మంత్రులు శాసనసభ నమ్మకముమీదగాక అధ్యక్షుని ఉత్తరువులమీద ఆధారపడి పాలింప మొదలిడిరి. స్వేచ్ఛగా జరిగిన ఏ ఎన్నికలోను హిట్లరు పక్షమునకు సగము ఓట్లు రాలేదు. అయినను వృద్ధుడైన అధ్యక్షుడు హిండెన్‌బర్గు 1933 జనవరి 30న అతనికి ప్రధాన పదవి నిచ్చెను. ఫిబ్రవరి 28న పౌరహక్కులను రద్దుచేయు ఉత్తరువుపై సంతకము చేసెను. ఆ ఉత్తరువు పన్నెండేండ్లు, ఆ రాజ్యము నేలగూలు వరకు, నిలిచియుండెను.

మన రాజ్యాంగ పరిషత్తులో రెడ్డిగారును సభ్యులు. 1949లో అత్యవసర పరిస్థితికి సంబంధించిన అధికరణములు చర్చకు వచ్చినపుడు కామత్‌గారు వైమారు కథను జ్ఞాపకము చేసి హెచ్చరించిరి. పరిషత్తు ఆ హెచ్చరికను వినెను గాని, అధికరణములను నిలుపుకొనెను.

రెడ్డిగారు దోషములేనివారని మేము చెప్పబోము. ఎన్నికలలో ఓటమి వారికి క్రొత్త కాదు. 1952లో తమ బావమరిదియైన తరిమెల నాగిరెడ్డిగారి చేతిలో ఓడిరి. 1956 నవంబరు 1న అవతరించిన ఆంధ్రప్రదేశమునకు ప్రథమ ముఖ్యమంత్రియైరి. 1960లో అఖిల భారత కాంగ్రెసునకు అధ్యక్షులై, 1962లో మరల ముఖ్యమంత్రి పదవికి వచ్చిరి. అపుడే కర్నూలు జిల్లా బస్సు మార్గములను ప్రభుత్వపరము చేసిన వ్యవహారము సుప్రీముకోర్టుకు ఎక్కెను. రాజకీయ ప్రత్యర్థుల వ్యాపారమును దెబ్బతీయుటకే ఆ పథకము పుట్టినదను ఆరోపణకు తగిన సమాధానము రాలేదని న్యాయస్థానము భావించెను. అధికారమును ద్వేషమునకు వినియోగించుట ఎంత చిన్న కొలతలో జరిగినను నిరంకుశత్వమునకు అది మొలకయే. అయితే రెడ్డిగారు తీర్పును ధిక్కరింపలేదు. శాసనమును మార్చి తప్పించుకొన జూడలేదు. 1964 ఫిబ్రవరిలో పదవి విడిచి వెళ్లిరి. న్యాయస్థానము మాటకు పాలకుడు తలవంచుట ప్రజాప్రభుత్వమునకు ఊపిరి. పదునొకండేండ్ల తరువాత మరియొక తీర్పు వచ్చినపుడు ఢిల్లీలో ఏమి జరిగెనో తలచుకొన్నచో ఈ రాజీనామా విలువ తెలియగలదు.

1967లో హిందూపురమునుండి లోక్‌సభకు ఎన్నికై సభాపతియైరి. ఆ పీఠమెక్కినవాడు ఏ పక్షమువాడును కారాదని తలచి కాంగ్రెసు సభ్యత్వమును వదలుకొనిరి. 1969లో కాంగ్రెసు వారిని రాష్ట్రపతి పదవికి నిలిపెను. ప్రధాని ఇందిరాగాంధీగారు మాత్రము అంతరాత్మ ననుసరించి ఓటు వేయుడని సభ్యులకు చెప్పిరి. ఫలితముగా ఒకనాటి జైలు సహవాసి గిరిగారు 4,20,077 ఓట్ల విలువతో గెలిచిరి. రెడ్డిగారికి వచ్చినది 4,05,427. కాంగ్రెసు రెండుగా చీలెను. 1971లోను ఓడి, రెడ్డిగారు అనంతపురం చేరి సేద్యము చూచుకొనుచుండిరి.

1975 జూన్ 12న అలహాబాదు హైకోర్టు ఇందిరాగాంధీగారి ఎన్నిక చెల్లదని తీర్పు చెప్పెను. జూన్ 25 రాత్రి రాష్ట్రపతి ఫకృద్దీన్ అలీ అహమ్మదుగారు అత్యవసర పరిస్థితి ప్రకటనపై సంతకము చేసిరి. మంత్రివర్గమునకు ఆ సంగతి తెలిసినది మరునాటి ఉదయమున! లక్షకు పైగా ప్రజలు విచారణ లేక నిర్బంధింపబడిరి. పత్రికల నోరు నొక్కబడెను. భారతదేశము జర్మనీ కాలేదు. ఆ ఘోరములతో వీనిని సమానము చేయుట న్యాయమును కాదు. కాని తలుపు మాత్రము అదే తలుపు. రాజ్యాంగమే ఉంచిన ద్వారమున, రాజ్యాధినేత సంతకమే తాళపుచెవిగా, నిరంకుశత్వము లోనికి వచ్చెను.

1977 మార్చిలో ఎన్నికలు జరిగెను. ఉత్తర దేశమంతయు కాంగ్రెసును తిరస్కరించెను, ఆంధ్రప్రదేశము ఆదరించెను. 42 స్థానములలో 41 కాంగ్రెసువి. మిగిలిన ఆ ఒక్కటి నంద్యాల. ఆళ్లగడ్డయు చేరియున్న ఆ నియోజకవర్గమున జనతా పక్షమువారైన రెడ్డిగారు, అంతకుముందు ఆ స్థానమును వహించిన పెండేకంటి వెంకటసుబ్బయ్యగారిని ఓడించిరి. చుట్టుప్రక్కల జిల్లాలన్నియు ఒక దారిన నడచినపుడు కుందూ తీరపు నల్లరేగడి రైతులు, పట్టణవాసులు వేరొక దారి నెంచుకొనిరి. మార్చి 26న రెడ్డిగారు మరల సభాపతియైరి. జూలై 21న పోటీ లేకయే రాష్ట్రపతిగా ఎన్నికైరి. ఎనిమిదేండ్లనాడు దక్కని పదవి ఇపుడు సర్వసమ్మతముగా లభించెను.

ఆ పీఠమునుండి వారు చేసిన సంతకములలో ముఖ్యమైనది 1979 ఏప్రిల్ 30 నాటిది. రాజ్యాంగము 44వ సవరణకు ఆనాడు ఆమోదము లభించెను. అంతరంగిక కల్లోలమను సందిగ్ధపదము తొలగి సాయుధ తిరుగుబాటను పదము చేరెను. మంత్రివర్గ నిర్ణయము లిఖితరూపమున రానిదే రాష్ట్రపతి ప్రకటన చేయరాదని నిబంధన ఏర్పడెను. ప్రాణమునకును వ్యక్తిస్వేచ్ఛకును గల రక్షణ ఎట్టి అత్యవసర పరిస్థితిలోను నిలుపరానిదయ్యెను. జర్మనులును 1949లో వ్రాసికొన్న నూతన రాజ్యాంగమున అధ్యక్షుని అధికారములను కుదించి, వేరొక ప్రధానిని ఎన్నుకొనిన గాని ఉన్న ప్రధానిని సభ తొలగింపరాదని నియమించుకొనిరి. ఇరుజాతులును కాలినచోటనే మందు వేసికొన్నవి.

అదే ఏడు జూలైలో మొరార్జీ దేశాయిగారి ప్రభుత్వము పడిపోయెను. రెడ్డిగారు చరణ్‌సింగుగారిని పిలిచిరి. ఆయన సభను ఎదుర్కొనకయే రాజీనామా చేసిరి. జగజ్జీవనరాముగారికి అవకాశమీయక, ఆగస్టు 22న లోక్‌సభ రద్దు చేయబడెను. ఆ నిర్ణయము పక్షపాతమని పలువురు నిందించిరి. ఆ నింద నిరాధారమని మేము అనజాలము. అయినను ఒక భేదమును గమనింపవలెను. హిండెన్‌బర్గు సభను మాటిమాటికి రద్దుచేసి ఉత్తరువులతో పాలన నడపించెను. రెడ్డిగారు పాలనను తమ చేతికి తీసికొనలేదు. 1980 జనవరిలో ఎన్నికలు జరిగెను. 1969లో తమ ఓటమికి కారకురాలైన ఇందిరాగాంధీగారే గెలిచిరాగా, ఆమెచేత ప్రమాణము చేయించిరి. ప్రజలు పంపినవారికి తలుపు తెరచుట తమ ధర్మమని గ్రహించిరి. 1982లో పదవీకాలము ముగించుకొని, 1996 జూన్ 1న బెంగుళూరులో కన్నుమూసిరి.

శాసనములు ఎంత గట్టిగా వ్రాసికొన్నను వానిపై సంతకము చేయునది మానవమాత్రుడే. ఆ మానవుని పంపునది మనమే. 2022లో నంద్యాల ప్రత్యేక జిల్లాగా ఏర్పడెను. కాలువల నీరు, బాటలు, పంట ధరలు అభ్యర్థుల నడుగుట మన హక్కు. తీర్పు తనకు ప్రతికూలమైననాడు పదవి విడుతువా యని కూడ అడుగుట మన బాధ్యత. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పలేనివాని చేతికి ఓటు నిచ్చుట, పొలమునకు కంచె తీసి కాపలా పెట్టుకొన్నట్లేయగును.