యంత్రశిల్పి జి. డి. నాయుడు

విజయనగర ప్రభువుల కాలంలోను, అటుపిమ్మట నాయకరాజుల కాలంలోను ఆంధ్రదేశం విడిచి దక్షిణానికి తరలిపోయిన తెలుగు రైతు కుటుంబాలు అనేకం. వాటిలో కొన్ని కొంగునాటి నల్లరేగడి నేలల్లో స్థిరపడి, బావులు త్రవ్వి, పత్తి పండించి, ఇంట తెలుగును వీధిలో తమిళాన్ని పలుకుతూ తరాలు గడిపాయి. అట్టి కుటుంబంలో పుట్టి, అక్షరాలకంటె ఇనుమునే ఎక్కువగా చదివి, భారతదేశపు యంత్రపరిశ్రమ చరిత్రలో తనకొక పుట సంపాదించుకున్న వ్యక్తి గోపాలస్వామి దొరస్వామి నాయుడు. లోకం ఆయనను జి. డి. నాయుడు అనే పేరుతోనే ఎరుగును. అమెరికాకు ఎడిసన్ ఎట్టివాడో భారతదేశానికి ఆయన అట్టివాడని అభిమానులు చెప్పుకుంటారు. పోలిక ఎంతవరకు సరియైనదైనా, ఆయన జీవితంలో విద్యార్థులూ ఉపాధ్యాయులూ తెలుసుకోదగిన సంగతులు ఆ బిరుదును మించినవి.

కోయంబత్తూరుకు సమీపాన ఉన్న కలంగల్ గ్రామంలో 1893 మార్చి 23న నాయుడు జన్మించారు. తండ్రి గోపాలస్వామి నాయుడు వ్యవసాయదారుడు. పసితనంలోనే తల్లి చనిపోయింది. బంధువుల ఇంట పెరిగిన ఆ బాలునికి బడి అచ్చిరాలేదు. బెంచీమీద కదలక కూర్చోవడం, అర్థం కాని దానిని వల్లించడం అతనికి పడలేదు. ప్రాథమిక తరగతులతోనే చదువు ముగిసింది. పొలం పనులలో పడిన ఆ కుర్రవాడు ఎందుకూ పనికిరాడని ఊరివారు భావించి ఉంటే వారిని తప్పుపట్టడానికి వీలులేదు. అతని బుద్ధి దేనిపై లగ్నమవుతుందో ఆ బుద్ధికే ఇంకా తెలియదు.

అది 1912లో తెలిసింది. రెవిన్యూ ఉద్యోగి అయిన ఒక ఆంగ్లేయుడు రడ్జ్ కంపెనీవారి మోటారు సైకిలుపై ఆ ప్రాంతానికి వచ్చాడు. ఎద్దుబండి తప్ప మరొక వాహనం ఎరుగని పల్లెలో, లాగే జంతువు లేకుండా తనంతట తాను పరుగెత్తే ఆ బండి అందరికీ వింతయే. తక్కినవారు చూచి ఆశ్చర్యపడి ఇళ్లకు వెళ్లారు. పంతొమ్మిదేండ్ల నాయుడుకు మాత్రం ఆశ్చర్యం చాలలేదు. అది ఎట్లా నడుస్తున్నదో తెలియాలి. తెలియాలంటే దానిని విప్పి చూడాలి. విప్పాలంటే అది తనదై ఉండాలి. ఈ మూడు మెట్ల తర్కమే ఆయన తదుపరి జీవితానికంతటికీ పునాది.

పల్లె విడిచి కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో వడ్డన పనికి కుదిరాడు. సుమారు మూడు సంవత్సరాలు ఇడ్లీలు వడ్డించి, ఎంగిలి విస్తళ్లు తీసి, కూలి డబ్బు కూడబెట్టాడు. చివరకు ఆ బండినే 300 రూపాయలకు కొన్నాడు. సామాన్యుడు అంత సొమ్ము పోసి కొన్న వాహనాన్ని ఎక్కి ఊరేగుతాడు. నాయుడు దానిని మరలు మరలుగా విడదీశాడు. ఏ భాగం దేనిని కదిలిస్తున్నదో, ఏది తీస్తే ఏది ఆగిపోతున్నదో గమనించి, తిరిగి యథాతథంగా కూర్చాడు. గురువు లేడు, గ్రంథం లేదు. ఆ బండియే పాఠశాల, ఆ బండియే పాఠ్యపుస్తకం. కొద్దికాలంలోనే మోటారు మరమ్మతు చేయగల పనివాడుగా పేరు తెచ్చుకున్నాడు.

మధ్యలో ఒక తప్పటడుగు లేకపోలేదు. మొదటి ప్రపంచ సంగ్రామకాలంలో పత్తి ధరలు పెరగగా, తిరుప్పూరులో పత్తి గింజలు తీసే మిల్లు పెట్టి నాయుడు ధనం గడించాడు. ఆ ఉత్సాహంతో బొంబాయి పత్తి వ్యాపారంలో దిగి, గడించినది పోగొట్టుకున్నాడు. తన చేతులకు తెలిసిన విద్య యంత్రవిద్య మాత్రమేనని ఆ నష్టం నేర్పింది.

అప్పుడు ఆయనకు తోడు నిలిచినవారు సర్ రాబర్టు స్టేన్స్. ఇంగ్లండు నుండి వచ్చి కోయంబత్తూరులో వర్తక వ్యాపారాలూ, ఒక పాఠశాలా స్థాపించిన ఈ వృద్ధ పారిశ్రామికుడు నాయుడుకు బస్సు కొనడానికి సాయం చేశాడు. బడి చదువులేని, చేతిలో చిల్లిగవ్వ లేని పల్లెటూరి మనిషికి ఆ సాయం దేనిని చూచి చేశాడు? పట్టాలను చూచి కాదు, పనితనాన్ని చూచి. ఈ ఒక్క సంగతి నాయుడు కథలో ఎంత ముఖ్యమైనదో ముందు ముందు తెలుస్తుంది.

1920లో ఆ బస్సు పొల్లాచి, పళని పట్టణాల మధ్య తిరగసాగింది. నడిపేవాడు నాయుడే, చెడితే బాగుచేసేవాడూ ఆయనే. ఒకటి రెండైంది, రెండు పదులైంది. యూనివర్సల్ మోటారు సర్వీసు అనే పేరుతో వెలసిన ఆ సంస్థ 1930ల నాటికి రెండు వందలకు పైగా బస్సులతో, దేశంలోనే మిక్కిలి సమర్థంగా నడిచే రవాణా సంస్థలలో ఒకటిగా ప్రసిద్ధి చెందింది. బస్సును బాగుచేసే పని నుండి బస్సుకు కావలసిన భాగాలను స్వయంగా చేయించే పనికి, అక్కడి నుండి కొత్త యంత్రాల కల్పనకు ఆయన ఆలోచన సహజంగానే సాగిపోయింది.

1937లో కోయంబత్తూరు శివారు పీలమేడులో, నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్సు అనే ఆయన కర్మాగారంలో, డి. బాలసుందరం నాయుడు చేతిమీదుగా ఒక విద్యుత్ మోటారు తయారైంది. భారతదేశంలో రూపొందిన మొదటి విద్యుత్ మోటారుగా దానికి చరిత్రలో స్థానం ఉంది. బావిలోని నీటిని పొలానికి తోడే పంపులకూ, మిల్లులకూ కోయంబత్తూరు తరువాతి కాలంలో దేశానికే ఆటపట్టు కావడానికి ఇట్టి ప్రయత్నాలే బీజాలు.

ఆయన ఐరోపా, అమెరికా ఖండాలు పలుమార్లు పర్యటించారు. ఎక్కడికి వెళ్లినా కెమెరా చేతబట్టుకునే వెళ్లేవారు. 1936లో లండనులో జరిగిన అయిదవ జార్జి చక్రవర్తి అంత్యయాత్రను స్వయంగా చలనచిత్రంగా తీశారు. కర్మాగారాలు చూచి తిరిగివచ్చిన ప్రతిసారీ ఏదో ఒక నూతన వస్తువు బయటపడేది. బ్యాటరీలతో నడిచే చిన్న మోటారు అమర్చిన రాసాంట్ అనే క్షౌరపు కత్తి, అతి పలుచని బ్లేడ్లు, పండ్లరసం తీసే యంత్రం, కిరసనాయిలుతో తిరిగే పంకా, మోసానికి వీలులేని ఓట్ల యంత్రం ఆ జాబితాలో కొన్ని. అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే అందించగలనని 1941లో ఆయన ప్రకటించారు. ఈ వస్తువులన్నింటికీ సామాన్య లక్షణం ఒకటి ఉంది. ధనికుని ఇంట ఉన్నది బీదవాని ఇంటికి చేరాలి; చేరాలంటే వెల తగ్గాలి. పొలంలోనూ ఆయన ఊరకుండలేదు. పత్తిలోను ధాన్యాలలోను ఆయన జరిపిన ప్రయోగాలను చూడడానికి సర్ సి. వి. రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారల వంటి మహనీయులు వచ్చేవారు.

1944లో రవాణా వ్యాపారం నుండి విరమించి, పరిశోధక విద్యార్థులకు వేతనాలూ, పనివారికీ బడుగువర్గాలకూ సంక్షేమ పథకాలూ ప్రకటించారు. మరుసటి సంవత్సరం, అప్పటి మద్రాసు గవర్నరు పేరిట, ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్కూ ఇంజనీరింగు కళాశాలా ఆయన కృషితోను విరాళంతోను వెలశాయి. ప్రాథమిక పాఠశాల దాటని వ్యక్తి ఇంజనీరింగు కళాశాలకు ప్రిన్సిపాలుగా కూర్చోవడం విద్యాచరిత్రలో విడ్డూరమే. కానీ అచ్చటనే ఆయనకూ ప్రభుత్వానికీ భేదం పొడసూపింది. నాలుగు సంవత్సరాల చదువులో సగం కాలం వ్యర్థమవుతున్నదని, పనిముట్టు చేతికిచ్చి నేర్పితే రెండేండ్లలో అంతకంటె మంచి ఇంజనీర్లు తయారౌతారని ఆయన విశ్వాసం. పాలకులు అంగీకరించలేదు. ఆయన పదవి వదలుకున్నారు. ఆ కళాశాలయే నేటి కోయంబత్తూరు ప్రభుత్వ సాంకేతిక కళాశాల.

ఆయన వాదం పూర్తిగా సరియైనదని చెప్పడం సాధ్యం కాదు. వంతెన కట్టేవానికి గణితం కావాలి. గణితానికి కాలం కావాలి. అందరూ నాయుడు కారు. అయినా, చేయి తాకని చదువు సగం చదువేనన్న ఆయన నమ్మకం పాఠశాలల్లో ప్రయోగశాలలకు తాళాలు వేలాడినన్నాళ్లూ కొట్టివేయదగినది కాదు.

ఇక ఆయన జీవితంలోని ప్రధాన ఘట్టం. 1952లో నాయుడుగారి కర్మాగారం నుండి ఒక చిన్న కారు బయటకు వచ్చింది. ఇద్దరు కూర్చునే ఆ పెట్రోలు బండి వెల 2,000 రూపాయలు. హోటలులో మూడేండ్లు కష్టపడి 300 రూపాయలకు బండి కొన్న కుర్రవాడు తనవంటి వారికోసం నలభై ఏండ్ల పిదప తలపెట్టిన వాహనం అది. కానీ పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టం 1951లో వచ్చింది. పెద్ద పరిశ్రమ స్థాపించాలంటే కేంద్ర ప్రభుత్వపు లైసెన్సు తప్పనిసరి. నాయుడుగారికి ఆ లైసెన్సు లభించలేదు. కారు తయారీ ఆగిపోయింది.

ఇది ఎంత నష్టమో తెలియడానికి అదే కాలంలో స్వీడన్ దేశంలో జరిగిన కథతో పోల్చి చూడాలి. భవానీపురం దాటి హైదరాబాదు వైపు సాగే రహదారిపై పరుగెత్తే బస్సులలో కొన్నింటి నొసట వోల్వో అనే పేరు కనిపిస్తుంది. ఆ పేరు ఆ దేశానిదే. బంతి బేరింగులు చేసే ఎస్. కె. ఎఫ్. కంపెనీలో అమ్మకాల అధికారిగా ఉండిన అస్సార్ గాబ్రియెల్సన్, ఇంజనీరు గుస్తావ్ లార్సన్ 1924లో స్వదేశపు కారు చేయాలని నిశ్చయించుకున్నారు. గాబ్రియెల్సన్ తన సొంత డబ్బుతో పది నమూనాలు చేయించాడు. అవి చూచిన ఎస్. కె. ఎఫ్. పెట్టుబడికి ముందుకు వచ్చింది. 1927 ఏప్రిల్ 14న యటెబరి నగరంలో మొదటి కారు బయటకు తీయబోతే, వెనుక ఇరుసులోని పండ్లచక్రం తప్పుగా అమరినందున అది ముందుకు పోవలసింది పోయి వెనుకకు పోయిందని చెబుతారు. ఆ ఏడాది అమ్ముడైనవి 297 మాత్రమే. అయినా పెట్టుబడి పెట్టినవారు చేయి విడువలేదు.

ఆ ఓర్పు ఫలించింది. రెండవ ప్రపంచ సంగ్రామం సాగుతుండగానే 1944లో వోల్వో వారు పి. వి. 444 అనే చిన్న కారును స్టాక్‌హోములో ప్రదర్శించారు. వెల 4,800 క్రోనాలు; పదిహేడేండ్ల క్రితం తమ తొలి కారుకు పెట్టిన వెలయే. ఎనిమిది వేలు అమ్ముడైతే చాలుననుకున్న ఆ కారు 1958 దాకా దాదాపు 2 లక్షలు తయారైంది. 1949లో విమానాలు చేసే సాబ్ కంపెనీ కూడా సాబ్ 92 అనే చిన్న కారుతో రంగంలోకి దిగింది. 1956లో అమెజాన్, 1961లో పి. 1800 వంటి వోల్వో కార్లు వచ్చాయి. 1959లో నిల్స్ బోలిన్ రూపొందించిన మూడు బిందువుల రక్షణ పట్టీని వోల్వో ఇతర కంపెనీలూ వాడుకోనిచ్చింది. కారు ఎక్కిన ప్రతివారూ నేడు బిగించుకునే పట్టీ అదియే. 1927లో వెనుకకు నడిచిన బండిని చూచి నవ్వి ఊరకుండి ఉంటే ఇవేవీ ఉండేవి కావు.

నాయుడు కారును కాదన్నవారికీ కారణాలు లేకపోలేదు. స్వాతంత్ర్యం వచ్చి అయిదేండ్లే. ఉక్కు తక్కువ, విదేశ మారకం తక్కువ. ఉన్న కొద్ది వనరులను అనేకుల మధ్య చెదరనీయక, హిందుస్థాన్ మోటార్సు, ప్రీమియర్ ఆటోమొబైల్సు వంటి కొద్ది కంపెనీల ద్వారా పరిశ్రమను పెంచాలని ప్రభుత్వపు ఆలోచన. పైగా ఒక నమూనా చేయడం వేరు, వేలకొలది చేసి అమ్మడం వేరు. నాయుడు కారు జయప్రదమయ్యేదని ఎవరూ ప్రమాణం చేయలేరు. కానీ విఫలమయ్యేదనీ ప్రమాణం చేయలేరు. పరీక్షకు కూర్చోనిచ్చిన పిమ్మట తప్పడం ఒకటి, పరీక్షకే కూర్చోనీయకపోవడం మరొకటి. సామాన్య కుటుంబాన్ని ఉద్దేశించిన మారుతి కారు బయటకు వచ్చేసరికి 1983 డిసెంబరు అయింది. మధ్య గడచిన కాలం ముప్పైయొక్క సంవత్సరాలు.

నిరాశతో చేతులు ముడుచుకునే స్వభావం నాయుడుగారిది కాదు. 1967లో, ఉదయం పునాది మొదలుపెట్టి పదకొండు గంటలలో ఒక ఇల్లు పూర్తిచేయించి చూపించారు. తాను సేకరించినవీ, తాను కల్పించినవీ అయిన యంత్రాలతో కోయంబత్తూరులో పారిశ్రామిక ప్రదర్శనశాల నెలకొల్పారు. 1974 జనవరి 4న, ఎనభయ్యొకటవ ఏట కన్నుమూశారు. 2015లో ఆ నగరంలోనే ఆయన కుటుంబపు సంస్థ ప్రాచీన మోటారు కార్ల ప్రదర్శనశాలను తెరిచింది. 2025లో అవినాశి రోడ్డుపై నిర్మించిన, పది కిలోమీటర్ల పొడవైన వంతెన రహదారికి తమిళనాడు ప్రభుత్వం ఆయన పేరు పెట్టింది. కారు చేయడానికి అనుమతి దొరకని వ్యక్తి పేరుగల దారిపై నేడు వేలాది కార్లు నడుస్తున్నాయి.

విజయవాడ ఆటోనగరులో నేటికీ ఎందరో కుర్రవాళ్లు నూనె మరకల చేతులతో ఇంజన్లు విప్పుతూ ఉంటారు. వారిలో బడి అచ్చిరానివారూ ఉంటారు. తరగతి గదిలో గడియారం విప్పి చీవాట్లు తిన్నవారూ ఉంటారు. వారందరూ నాయుళ్లు కాబోరు. కానీ వారిలో ఒకడు అయితే, వాని చేతిలో ఏముందో సకాలంలో గుర్తించేవారు ఎవరు? కోయంబత్తూరు కుర్రవానికి ఒక స్టేన్స్ దొరికాడు, బస్సులు నడిచాయి. యాభైతొమ్మిదేండ్ల నాయుడుకు స్టేన్స్ వంటివాడు దొరకలేదు, కారు ఆగిపోయింది. ప్రతిభ ఎక్కడ పుట్టాలో దైవాధీనం కావచ్చును. దానికి తొలి నమ్మకం ఇవ్వడం మాత్రం మనుష్యుల పని, అందులోనూ ముందుగా ఉపాధ్యాయుని పని.