మైకు ముందు నిలబడ్డ కోదాడ కుర్రాడు

ప, బ, మ. పెదవులు కలవందే ఈ మూడూ పలకవు. చంటిపిల్లల నోట మొదట వచ్చే అక్షరాలు ఇవే. మాట్లాడే బొమ్మను ఒళ్లో కూర్చోబెట్టుకున్న కళాకారుడికి మాత్రం ఇవే గండం. జనం చూపంతా అతని మూతి మీదే ఉంటుంది. పెదవి ఇంత కదిలినా ఆట అక్కడితో సరి. అందుకని నాలుకను పళ్ల వెనక ఆనించి, దగ్గరి అక్షరం ఏదో పలికి, వినేవాడి చెవికి మాత్రం అది ‘మ’గానే చేరేలా చూసుకోవాలి. ఆ తంటా నడుస్తుండగానే సొంత గొంతుతో బొమ్మకు జవాబు చెప్పాలి. బొమ్మ విసిరిన జోకుకు తాను ఉడుక్కోవాలి. నవ్వు ఎక్కడ సన్నబడుతోందో కనిపెట్టి, సరిగ్గా అక్కడ తర్వాతి మాట వదలాలి. ఇద్దరి పని ఒక్కడు, ఒకే ఊపిరితో చేయాలి.

వేణుమాధవ్ ఈ వెంట్రిలాక్విజం విద్యతోనూ, మిమిక్రీతోనూ జీవితం మొదలుపెట్టాడు. అప్పటి నల్గొండ జిల్లా, ఇప్పటి సూర్యాపేట జిల్లా కోదాడలో పుట్టాడు. 2019 సెప్టెంబరు 25 మధ్యాహ్నం సికింద్రాబాద్ యశోద ఆసుపత్రిలో కాలేయ, మూత్రపిండాల జబ్బుతో కన్నుమూశాడు. యాభై ఏళ్లు కూడా నిండలేదు. మర్నాడు పత్రికలన్నీ ‘హాస్యనటుడు వేణుమాధవ్ ఇక లేరు’ అన్నాయి. అందులో తప్పేమీ లేదు. కానీ సినిమాకు ముందున్న మనిషి, ఒక్క మైకు పట్టుకుని వేలమందిని కదలకుండా కూర్చోబెట్టిన మనిషి ఆ మాటలో కనబడడు. ఆ మనిషి గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

నేనుండేది హైదరాబాదు రాయదుర్గంలో. శుక్రవారం సాయంత్రమైతే ఇటు గచ్చిబౌలి నుంచి అటు మాదాపూర్ దాకా ఏదో ఒక కేఫ్‌లోనో పబ్బు మేడ మీదో స్టాండప్ కామెడీ ఉంటుంది. ఒక మైకు, ఒక ఎత్తు కుర్చీ, ఒక నీళ్ల సీసా. మెడలో కంపెనీ ట్యాగు తీయకుండానే వచ్చేసిన పిల్లలు ముందు వరసలో కూర్చుంటారు. పైకి ఎక్కేవాడూ చాలాసార్లు వాళ్లలో ఒకడే. పగలు కోడు రాసి, రాత్రి జోకులు చెబుతాడు. కొంత తెలుగు, కొంత ఇంగ్లీషు, మధ్యలో హైదరాబాదీ హిందీ. మేనేజరు మీద, పీజీ హాస్టల్లో సాంబారు మీద, పెళ్లిచూపుల మీద. ఇవి చూడటం నాకు ఇష్టం. ఒంటరిగా నిలబడి నవ్వించడానికి ఎంత గుండె కావాలో వాళ్ల చేతుల వణుకులో తెలుస్తుంది. అయితే ఈ కళ నిన్నగాక మొన్న ముంబై నుంచో అమెరికా నుంచో విమానం దిగిందని వాళ్లలో చాలామంది నమ్మకం. మనకు ముందే ఉంది. దాన్ని మనం మిమిక్రీ అన్నాం, ధ్వన్యనుకరణ అన్నాం, ‘ఐటమ్’ అన్నాం. వినాయక చవితి పందిట్లో, కాలేజీ వార్షికోత్సవంలో, ఆర్కెస్ట్రా వాళ్లు పాటకూ పాటకూ మధ్య గొంతు తడుపుకునే పది నిమిషాల్లో దానికి చోటిచ్చాం. టిక్కెట్టు పెట్టలేదు, అంతే.

అన్నిటికంటే కఠినమైన వేదిక రాజకీయ సభ. ఇప్పటివాళ్లకు తెలియకపోవచ్చు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. నాయకుడు నాలుగింటికి వస్తాడని చెబుతారు. రాత్రి తొమ్మిదైనా రాడు. లారీల్లో, ట్రాక్టర్లలో తెచ్చిన జనం ఎండకు మాడి, ఆకలితో విసిగి, లేచి పోవడానికి చూస్తుంటారు. వాళ్లను ఆపాలి. పాటల బృందం పాడినంతసేపు పాడుతుంది. ఆ తర్వాత మిమిక్రీ కుర్రాణ్ని మైకు ముందుకు తోస్తారు. చూసేవాళ్లలో సగంమందికి అతని ముఖం ఆనదు, గొంతు ఒక్కటే అందుతుంది. ఆ గొంతు కొయ్య మీద కట్టిన హారన్ లౌడ్‌స్పీకర్లోంచి గరగరమంటూ వస్తుంది. మైకు మధ్యలో కీచుమంటుంది. ముసలివాళ్లకూ పిల్లలకూ, ఆడవాళ్లకూ కార్యకర్తలకూ ఒకే జోకు తగలాలి. బూతు పనికిరాదు. సొంత పార్టీవాళ్లను నొప్పించకూడదు. వేదిక మీదున్న పెద్దల గొంతును అనుకరిస్తే ముందు ఆ పెద్దలే నవ్వాలి. దూరాన కార్ల దీపాలు కనబడగానే సగంలో ఉన్న వాక్యాన్ని అక్కడే వదిలేసి దిగిపోవాలి. చప్పట్లు నాయకుడివి.

వేణుమాధవ్ ఈ బడిలో చదువుకున్నాడు. తెలుగుదేశం సభల్లో, ఆ పార్టీ మహానాడు వేదిక మీద ప్రదర్శనలిచ్చాడు. హైదరాబాదులో ఆ పార్టీ కార్యాలయంలోనే టెలిఫోన్ ఆపరేటరుగా ఉద్యోగం దొరికింది. ఆ ఉద్యోగం సంగతి తలుచుకుంటే నాకు ముచ్చటేస్తుంది. రోజంతా రాష్ట్రం నలుమూలల నుంచి గొంతులు. శ్రీకాకుళం యాస, కర్నూలు యాస, కరీంనగర్ యాస, కోపంలో ఉన్న ఎమ్మెల్యే, బతిమాలే మండల నాయకుడు. మిమిక్రీ నేర్చుకునేవాడికి అంతకు మించిన పాఠశాల ఎక్కడుంటుంది? పైగా అతని ఊరే హైదరాబాదు–విజయవాడ రోడ్డు మీద, తెలంగాణ మాట ఆంధ్ర మాటతో కలిసే చోట ఉంది. అతని తెలుగులో రెండు వైపుల సొగసులూ కుదురుకున్నాయంటే అందుకే.

పేరు వల్ల ఒక గందరగోళం ఎప్పుడూ ఉండేది. వేణుమాధవ్ అంటే పాతతరానికి గుర్తుకొచ్చేది వరంగల్లుకు చెందిన నేరెళ్ల వేణుమాధవ్. మిమిక్రీకి ఈ దేశంలో శాస్త్రీయ కళంత గౌరవం తెచ్చిన మహానుభావుడు. ఐక్యరాజ్యసమితిలో ప్రదర్శన ఇచ్చారు, 2001లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన 2018 జూన్‌లో వెళ్లిపోతే, ఏడాది తిరిగిన కొన్నాళ్లకే కోదాడ వేణుమాధవ్ కూడా వెళ్లిపోయాడు. ఇక హిందీలో మిమిక్రీ వేదిక మీదుగా సినిమాకు వెళ్లి స్టాండప్‌కు దారి వేసినవాడెవరని అడిగితే ముందుగా వచ్చే పేరు జానీ లీవర్. ఆయన అసలు పేరు జాన్ ప్రకాశరావు, పుట్టింది ఆంధ్రప్రదేశ్‌లోని కనిగిరిలో. ముంబై ధారావిలో పెరిగి, హిందుస్థాన్ లీవర్ కంపెనీలో పనిచేస్తూ తోటి కార్మికులను నవ్వించిన తెలుగువాడు. ఇంత వంశవృక్షం ఉన్న ఇల్లు మనది. శుక్రవారం రాత్రి మైకు పట్టుకునే పిల్లలు ఆ ఇంటి మనుషులే.

రవీంద్రభారతిలో వేణుమాధవ్ ప్రదర్శన చూసిన దర్శకుడు ఎస్.వి. కృష్ణారెడ్డి, నిర్మాత అచ్చిరెడ్డి అతన్ని సినిమాకు తీసుకెళ్లారు. 1996లో ‘సంప్రదాయం’. కృష్ణ సినిమా. మరుసటి ఏడాది ‘గోకులంలో సీత’. ఆ తర్వాత కరుణాకరన్ ‘తొలిప్రేమ’. 1998 జులైలో ఆ సినిమా విడుదలైంది. అదే ఏడాది నవంబరులో మాదాపూర్ బండరాళ్ల మధ్య సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. ఈ ప్రాంతంలో మొదట ఉద్యోగాలకు వచ్చిన తరమూ, ‘తొలిప్రేమ’ను థియేటర్లో మళ్లీ మళ్లీ చూసిన తరమూ ఒకటే. మా పక్క వాళ్లలో నలభై దాటిన ఎవర్నడిగినా ఆ సినిమాలో వేణుమాధవ్ ఊపిరి తీసుకోకుండా ఆడవాళ్ల గురించి చెప్పే పొడవాటి మాట ఇప్పటికీ ముక్కముక్కగానైనా అప్పజెబుతారు.

ఆ సన్నివేశం మరోసారి చూడండి. అది సినిమా నటన కాదు, స్టేజి ఐటమ్. చుట్టూ స్నేహితులు ఉన్నారు గానీ వాళ్లు ఆ కాసేపు ప్రేక్షకులు. వేగం క్రమంగా పెరుగుతుంది. ఒక్కో పదం విడివిడిగా వినిపిస్తుంది. అంత వేగంలోనూ మాట తొక్కుడు పడదు. తెలుగులో ఒత్తులు మింగకుండా గబగబా మాట్లాడటం ఎంత కష్టమో పద్యాలు చదివేవాళ్లకు తెలుసు. హారన్ లౌడ్‌స్పీకర్లో చివరి వరసకు వినబడేలా మాట్లాడి మాట్లాడి వచ్చిన నోటి శుభ్రత అది. ఎంత వేగంగా చెప్పినా ముఖం మాత్రం అమాయకంగా ఉంటుంది, బొమ్మ ముఖంలా. తన నోటి నుంచి వచ్చే మాటలకూ తనకూ సంబంధం లేనట్టు చూస్తాడు. వెంట్రిలాక్విజం అతని ముఖానికి నేర్పిన పాఠం ఇదేనని నా నమ్మకం.

తర్వాత పదేళ్లు ఊపిరాడనంత పని. ‘దిల్’, ‘ఛత్రపతి’, ఇంకా ఎన్నో. ఆ జాబితా ఇక్కడ అక్కర్లేదు. రాజమౌళి ‘సై’ (2004)లో నల్లబాలు దగ్గర మాత్రం ఆగాలి. పొట్టి మనిషి, సన్నటి మనిషి, పెద్ద రౌడీనని తనను తానే పరిచయం చేసుకునే తీరు. అక్కడా అదే కిటుకు. దర్శకుడు అతన్ని ఒంటరిగా నిలబెట్టి మాట్లాడనిచ్చాడు. నిడివి చూస్తే ఎంతో లేదు, కానీ ఇరవై ఏళ్లు దాటినా నల్లబాలు చావలేదు. రాయదుర్గం ఆఫీసుల వాట్సాప్ గ్రూపుల్లో అతని ముఖం రోజూ తిరుగుతూనే ఉంటుంది. సినిమా విడుదలైనప్పటికి పుట్టని పిల్లలు కూడా ఆ స్టిక్కరు పంపుకుంటారు. వి.వి. వినాయక్ ‘లక్ష్మీ’ (2006)లో టైగర్ సత్తి పాత్రకు ఉత్తమ హాస్యనటుడిగా నంది అందుకున్నాడు. న్యాయమైన బహుమతి.

నాకొక ఫిర్యాదు ఉంది, దాచుకోను. ఆ పదేళ్లలో చాలా సినిమాలు అతన్ని చెంపదెబ్బలు తినడానికి వాడుకున్నాయి. హీరో పక్కన నిలబడి, పొట్టితనం మీద నాలుగు మాటలు పడి, పారిపోయే పాత్రలు. గొంతుతో పాత్రలు పుట్టించగలవాడికి ఒకటే పాత్రను తిప్పి తిప్పి ఇచ్చారు. అతను దానికీ ప్రాణం పోశాడు, అది వేరే సంగతి. మిమిక్రీ వేదిక మీది నుంచి వచ్చిన నటులకు మన సినిమా తరచుగా చేసిన అన్యాయం ఇది: ఒక గంట సభను ఒంటిచేత్తో నడిపినవాడికి రెండు నిమిషాలిచ్చి, అందులో సగం తన్నులకు కేటాయించడం.

కథానాయకుడిగానూ నిలబెట్టినవాళ్లున్నారు. తనను తెచ్చిన కృష్ణారెడ్డే 2005లో అలీతో కలిపి ‘హంగామా’ తీశారు. 2007లో శివనాగేశ్వరరావు ‘భూకైలాస్’. దానికి ఉపశీర్షిక ‘ఎకరం 50 కోట్లు’. హైదరాబాదు చుట్టూ భూముల పిచ్చి మొదలైన రోజులవి. అంతకు ముందటేడు కోకాపేట వేలంలో ఎకరం 14 కోట్లు దాటితేనే నోళ్లు వెళ్లబెట్టాం. యాభై కోట్లన్నది నవ్వడానికి పెట్టిన అంకె. 2023లో అదే కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటింది. 2025 అక్టోబరులో మా రాయదుర్గంలో 177 కోట్లు పలికింది. ఆ సినిమా పోస్టరు మీద వేణుమాధవ్ ముఖం పక్కనున్న అంకె ఇప్పుడు చూస్తే చిన్నదిగా కనిపిస్తోంది. అతను ఉండి ఉంటే ఈ సంగతి మీద మైకు పట్టుకుని ఎంతసేపు మాట్లాడేవాడో అని చాలాసార్లు అనుకుంటాను.

చివరి ఏళ్లు బాధాకరం. ఆరోగ్యం దెబ్బతింది, సినిమాలు తగ్గాయి, 2016 తర్వాత తెరమీద దాదాపు కనబడలేదు. 2017లో నంద్యాల ఉపఎన్నికలో ప్రచారానికి వెళ్లాడు. బతికుండగానే చనిపోయాడని వార్తలు వచ్చాయి, ఒకసారి కాదు. ‘నేను బతికే ఉన్నాను’ అని కెమెరాల ముందుకొచ్చి చెప్పుకోవలసి వచ్చింది. ఆ ఇంట్లో వాళ్లకు ఎన్ని ఫోన్లు వచ్చి ఉంటాయో, ఎంత వేదన పడి ఉంటారో. నవ్వించేవాడి చావు కూడా నలుగురూ పంచుకునే సరుకైపోవడం నేను ఇప్పటికీ క్షమించలేను. చివరికి నిజంగా వెళ్లిపోయినప్పుడు, ముందే విన్న వార్తే కదా అని కొందరు నమ్మలేదు.

మౌలాలిలో అంత్యక్రియలు జరిగాయి. అతనికి ముందే తోటి హాస్యనటులు ధర్మవరపు సుబ్రహ్మణ్యం, ఏవీఎస్ 2013లో పోయారు. ఎమ్మెస్ నారాయణ, కొండవలస 2015లో, గుండు హనుమంతరావు 2018లో. వీళ్లంతా వేదిక మీద మాట పదును పెట్టుకున్నవాళ్లో, నాటకమో పాఠమో చెప్పినవాళ్లో, పత్రికల్లో రాసినవాళ్లో. జనాన్ని ఎదురుగా చూసి వచ్చిన తరం. ఆరేడేళ్లలో ఆ వరస ఖాళీ అయింది, అందరిలోకీ చిన్నవాడు వేణుమాధవే.

సినిమాలు ఎక్కడికీ పోవు, ఫోనులో దొరుకుతాయి. దొరకనివి అతని స్టేజి రోజులు. బొమ్మతో చేసిన సంభాషణలు, సభల్లో చెప్పిన ఐటమ్‌లు, సినిమాకు ముందటి ఆ గొంతు. తొంభైల్లో పెళ్లిళ్లకూ కాలేజీ ఫంక్షన్లకూ వీడియో తీసిన క్యాసెట్లు కోదాడ, సూర్యాపేట, నల్గొండ ఇళ్లల్లో అటకల మీద ఉండే ఉంటాయి. టేపు బూజు పట్టకముందే వాటిని కంప్యూటర్లోకి ఎక్కించవచ్చు. ఆ పని చేయగల పిల్లలు మా రాయదుర్గంలో వేలమంది ఉన్నారు, ఆ పని అక్కర ఉన్న పిల్లలు శుక్రవారం రాత్రి మైకు దగ్గర ఉన్నారు. మీ ఇంట్లో అలాంటి క్యాసెట్టు ఉంటే దయచేసి పారేయకండి. తెలుగు విశ్వవిద్యాలయంలో మిమిక్రీ చదువుకునే విద్యార్థికైనా ఇవ్వండి, ఇక్కడ మైకు పట్టుకునే కుర్రాడికైనా ఇవ్వండి. ఇరవై ఏళ్ల వేణుమాధవ్ ఎలా మాట్లాడేవాడో వాళ్లు వినాలి.